తలమీద పొడి పడకముందే

తన మొగుణ్ణి అతని సొంతూరు అగ్బోకోఫె పెద్దలు రాజుగా ఎంచుకున్నారని తెలిసిన పొద్దున జిఫా చేసిన మొదటి పని వీధి తలుపు గడియ పెట్టడం. రెండో పని ఆడబిడ్డ అకువికి ఫోన్ చేయడం. ఆ రెండో పనికి మాత్రం ఆ పూటే చాలాసార్లు లెంపలేసుకుంది.

అగ్బోకోఫెలో రాజరికం అడిగి ఇచ్చేది కాదు, పట్టుకుని అంటగట్టేది. పెద్దలు ఎవర్ని అనుకుంటారో వాడి వెంటపడి, దొరకబుచ్చుకుని, నెత్తిన తెల్లసుద్ద పొడి పోస్తారు. పొడి పడ్డాక వద్దనడానికి లేదు. ఇక చెప్పుల్లేకుండా నడవకూడదు, వీధిలో నిలబడి తినకూడదు, ఎక్కడికీ ఒంటరిగా పోకూడదు, గొంతెత్తి ఎవర్నీ తిట్టకూడదు. జిఫా మొగుడు కోర్షికి ఈ లోకంలో ఇష్టమైనవన్నీ అవే. అక్రాలో ఫ్రిజ్‌లు బాగుచేసుకుంటూ, సాయంత్రాలు వీధి చివర నిలబడి కాల్చిన అరటికాయ తింటూ, టీవీలో ఫుట్‌బాల్ రిఫరీని నోటికొచ్చినట్టు తిట్టుకుంటూ హాయిగా బతుకుతున్న మనిషి అతను.

అకువి గంటలో దిగింది, చేతిలో పక్క దేశంలోని అబిజాన్‌కి టికెట్లతో. జిఫాకి, కోర్షికి, వాళ్ల కూతురు ఎసినాంకే కాదు, తనకూ ఒకటుంది.

"మీరెందుకు వదినా?" అంది జిఫా.

"నేను లేకపోతే మీరు గేటు దాటుతారా? నీ మొగుడి మొహం చూడు, దొంగతనం చేసినవాడిలా ఉంది."

విమానాశ్రయంలో అకువి చక్రాల కుర్చీ అడిగి తెప్పించింది. తమ్ముణ్ణి అందులో కూలేసి, తన పూల దుప్పటి నెత్తిమీదుగా కప్పి, పక్షవాతం అని అందరికీ చెప్పింది. మాట కూడా పడిపోయిందని కలిపింది. కోర్షి గొంతు సగం ఊరికి తెలుసు మరి.

వరసలో వాళ్ల ముందు ఇద్దరు బట్టల వ్యాపారులు, ఇద్దరూ ఆడవాళ్లే, తూకంలో ఎక్కువైన పెట్టె ఎవరిదని జుట్లు పట్టుకునేదాకా వచ్చారు. కోర్షి కొంతసేపు ఓర్చుకున్నాడు. తర్వాత దుప్పట్లో కదిలాడు. జిఫా భుజం నొక్కింది. ఐనా ఆగలేదు.

"ఆ పెట్టె తెరిచి సగం బట్టలు ఒంటిమీద వేసుకోండమ్మా," అంది దుప్పటి. "ఇద్దరూ చెరిసగం. మనిషిని తూకం వెయ్యరు కదా."

ఇద్దరూ నోరు తెరిచారు. కాసేపటికి ఒకావిడ మూడు గౌన్లలో, ఇంకొకావిడ నాలుగు చొక్కాల్లో, దుప్పటికి దండం పెట్టి ముందుకెళ్లారు.

కుర్చీ తోస్తున్నతను అకువి వైపు చూశాడు. "మాట పడిపోయిందన్నారు కదమ్మా."

"వచ్చిపోతుంటుంది," అంది అకువి.

జిఫా వంగి దుప్పటి అంచు దగ్గర, "ఎసినాం నాన్నా, మీ నోరు మిమ్మల్ని గద్దెమీద కూర్చోబెట్టేదాకా ఊరుకోదా?" అంది.

"న్యాయం చెప్పకుండా ఎలా ఉంటాను?"

అంతలో కూతురు ఎసినాం జిఫా చెయ్యి లాగింది. "అమ్మా, ఫోలి తాత వచ్చాడు."

నిజంగానే వెనక వరసలో ఫోలి తాత ఉన్నాడు. పెద్దల తరఫున మాట్లాడే మనిషి. భుజంమీద పట్టుబట్ట, చేతిలో రాజదండం, చంకలో సంచి. టికెట్ కొనుక్కుని మరీ వచ్చాడు.

"మనం ఇక్కడున్నామని ఆయనకెవరు చెప్పారే?"

"నేనే. పొద్దున ఫోన్ చేశాడు. పెద్దవాళ్లతో అబద్ధం చెప్పకూడదన్నావుగా."

కుర్చీని ఉరికించారు. తనిఖీ దగ్గర వాళ్లు ముందు దాటేశారు, తాత ఇరుక్కున్నాడు. వెనక్కి తిరిగి చూస్తే, సంచిలోంచి సారాసీసా, సుద్దపొడి డబ్బా బయటికి వచ్చాయి.

"ఇవి లోపలికి పోవు పెద్దాయనా."

"అది మా తాతముత్తాతల నాటి పొడి నాయనా."

"అయితే ఇంకా పోదు."

తాత ఆ ఉద్యోగికి ఊరు పుట్టినప్పటినుంచి కథ మొదలుపెట్టాడు. జిఫాకి గుండె కుదుటపడింది. ఆ కథ ఆయన త్వరగా ముగించగా ఎవరూ చూడలేదు.

విమానం ఎక్కే గేటు దగ్గర కుర్చీ ఆపి, తోసినతను వెళ్లిపోయాడు. వెంటనే పక్షవాతం మనిషి లేచి బాత్రూంకి పరిగెత్తాడు. ఎదుటి బెంచీమీద ఒక ముసలావిడ దేవుణ్ణి తలుచుకుంది. అకువి కొత్త బూట్లు కరుస్తున్నాయని వాటిని విప్పి, ఖాళీ కుర్చీలో కూలబడింది. ఏసీ చలికి దుప్పటి నెత్తినిండా లాక్కుంది.

"వాడొచ్చేదాకా ఒక్క కునుకు తీస్తాను. లేపకు."

జిఫా కూతురికి నీళ్లు తాగిస్తూ తలెత్తేసరికి ఫోలి తాత వగరుస్తూ వచ్చేశాడు. కళ్లజోడు తనిఖీ ట్రేలోనే మర్చిపోయినట్టున్నాడు. చేతిలో ఎవరో బాలింతను అడిగి తెచ్చుకున్న పసిపిల్లల పౌడరు డబ్బా ఉంది. జిఫా "తాతా, ఆగు" అనేలోపు పూలదుప్పటి పైకెత్తి డబ్బా మొత్తం బోర్లించాడు.

తెల్లటి మబ్బు లేచింది. గేటు దగ్గరున్నవాళ్లంతా వరసగా తుమ్మారు. తాత తుమ్ముల మధ్యే పూర్వీకుల పేర్లు చదివి, మంత్రం పూర్తిచేసి, మోకాళ్లమీద కూర్చున్నాడు.

"ఇప్పుడు నువ్వు మా రాజువి."

"నిద్రలో ఉన్న ఆడదానిమీద పౌడరు పోస్తావేమయ్యా?" అంది రాజు.

తాత మొహం దగ్గరగా పెట్టి చూశాడు. మెల్లగా ఫోన్ తీశాడు. మిగతా పెద్దలు బయట కార్ల దగ్గర ఎదురుచూస్తున్నారు.

"పొడి పడింది," అన్నాడు.

అవతల కేకలు, చప్పట్లు.

"కానీ కోర్షిమీద కాదు. వాళ్లక్కమీద."

చప్పట్లు ఆగిపోయాయి. ఎవరో, "కడిగేస్తే?" అన్నారు.

"ఎప్పుడైనా కడిగామా? రక్తం అదే, తండ్రి అదే. పడిందంటే పడినట్టే."

"ఆడమనిషి కదా తాతా, ఎలా..."

అకువి ఫోన్ లాక్కుంది. "ఎవరది, అగ్బెకోనా? బడి కప్పుకని వసూలు చేసిన రేకులు నీ మేకల కొట్టంమీద ఎందుకున్నాయో వచ్చి కనుక్కుంటాను. అక్కడే ఉండు."

అవతల మళ్లీ చప్పట్లు మొదలయ్యాయి, ఇదివరకటి కన్నా గట్టిగా. ఆ మాట ఎవరైనా అడిగితే బాగుండునని ఊరంతా ఎప్పట్నుంచో కాచుకుని ఉంది. అగ్బెకో మాత్రం లైన్‌లో లేడు.

కోర్షి తడిచేతులు ప్యాంటుకి తుడుచుకుంటూ వచ్చాడు. అక్క తల, ముక్కు, కనురెప్పలు తెల్లగా ఉన్నాయి.

"ఏమైంది?"

"మీ అక్కయ్య రాజైంది," అంది జిఫా. నవ్వు ఆపుకోవడానికి కొంగు నోట్లో కుక్కుకుంది.

"మరి నేను?"

"మీరు బాత్రూంలో ఉన్నారు."

అతను కుర్చీని, తాతని, ఖాళీ డబ్బాని చూశాడు. "నాకేం బాధ లేదు," అన్నాడు. "పారిపోయి వచ్చినవాణ్ణి, నాకెందుకు బాధ? ఒక్క నిమిషం ఆగి ఉండొచ్చు, అంతే."

అకువి వినలేదు. రాజు చెప్పుల్లేకుండా నడవకూడదు, ఆ బూట్లలో ఆమె నడవలేకపోతోంది. అందుకని తాతే కుర్చీ తోశాడు. "టికెట్లు దండగ చెయ్యకండి, వారంపాటు తిరిగి రండి," అని తమ్ముడికి ఆజ్ఞ ఇచ్చి, దారికి అడ్డంగా ఉన్న పెట్టెలవాళ్లను తిట్టబోయి, గుర్తొచ్చి, ఆ పని తాతకి అప్పగించి వెళ్లిపోయింది.

విమానం లేచాక కూడా కోర్షి మూతి ముడుచుకునే ఉన్నాడు. పక్కసీటాయనతో, "నేను కొద్దిలో రాజు కాకుండా పోయాను, తెలుసా?" అన్నాడు. ఆయన తల ఊపి కళ్లు మూసుకున్నాడు. జిఫా మొగుడి చెయ్యి తన ఒళ్లోకి తీసుకుంది. పొద్దుటినుంచి మొదటిసారి ఆమెకి ఆకలేసింది.

"నాన్నా," అంది ఎసినాం, "అత్తని ఇకమీద అత్తా అని పిలవచ్చా?"

"ముందు ఆవిడ అనుమతి తీసుకో," అన్నాడు కోర్షి, కిటికీ వైపు తిరిగి.