రెండో బ్రేకు

ఆ ఇంట్లో చంటిదానికి పాలు మాన్పించే కార్యక్రమం మూడోసారి మొదలై నాలుగో రోజుకు చేరింది. మొదటి రెండుసార్లూ మధ్యలో చెడిపోయిందంటే అందులో పిల్ల తప్పు లేదు, తల్లి తప్పూ లేదు. తప్పంతా ఒక మహానుభావుడిది. ఆయన సంగతి ఇప్పుడే వస్తుంది.

మధ్యాహ్నం పన్నెండున్నర. వంటగదిలో ఆమె గిన్నెలు తోముతోంది. తోమాల్సినవి ఎప్పుడో అయిపోయాయి, ఇప్పుడు తోముతున్నవి పొద్దున తోమినవే. ముందుగదిలో అత్తగారు పిల్లని ఒళ్లో వేసుకుని, మూత ఉన్న గ్లాసుతో పాలు తాగించాలని చూస్తోంది. పిల్లకి ఏడాది నిండి పది రోజులు. ఇంట్లో దాన్ని పిడుగు అంటారు. పిడుగు ఇల్లు పీకి పందిరేస్తోంది.

ఆ ఏడుపుకి ఒక పద్ధతి ఉంది. మొదటి ఐదు నిమిషాలు కోపం. తరవాతి ఐదు నిమిషాలు బతిమాలడం. ఆ తరవాత గొంతు దిగి, వెక్కిళ్లు మొదలై, ఇక లాభం లేదనుకుని గ్లాసు మూతి నోట్లో పెట్టుకుంటుంది. అంతా కలిపి పావుగంట. మూడు రోజులుగా అత్తాకోడళ్లిద్దరూ ఆ పావుగంటని పళ్లబిగువున దాటించారు. నిన్నయితే పన్నెండు నిమిషాలకే పిడుగు గ్లాసు ఖాళీ చేసి కునుకు తీసింది.

ఈ రోజు కూడా వెక్కిళ్ల దాకా వచ్చింది. ఆమె చేతిలో పీచు ఆగింది. ఇంకొక్క నిమిషం, అంతే. సరిగ్గా అప్పుడు వీధి తలుపు తెరుచుకుంది, పిల్ల తండ్రి, ఆ మహానుభావుడు, భోజనానికి వచ్చాడు. ముట్టుకోకురా అని అత్తగారు అనేలోపే పిల్ల ఆయన భుజమెక్కింది. మరుక్షణం ఇద్దరూ వంటగది గుమ్మంలో ఉన్నారు.

"ఈ ఒక్కసారికి ఇచ్చెయ్యి. రేపట్నించి మాన్పిద్దాం" అన్నాడు.

ఆమె సబ్బు చేతులతో అలాగే నిలబడింది. నాలుగు రోజులుగా మధ్యాహ్నమయ్యేసరికి గుండెలు రాళ్లలా గట్టిపడుతున్నాయి. ఏడుపు వినగానే పాలు వాటంతట అవే దిగి బట్ట తడిసిపోతోంది. పిడుగు రెండు చేతులూ చాచి మెడ మీద పడింది. ఇచ్చింది. ఇవ్వక ఏం చేస్తుంది? పిడుగు తాగుతూ తాగుతూ ఓరకంట పైకి చూసింది. నాలుగు రోజుల కష్టం గంగలో కలిసింది. ఆమెకి ఒళ్లు మండిపోయింది. ఎవరి మీద మండాలో కూడా వెంటనే తెలియలేదు. గుమ్మంలో నిలబడి ఆయన హాయిగా ఊపిరి పీల్చుకున్నాక తెలిసింది.

ఆయన డ్రైవింగ్ స్కూల్లో మాస్టారు. కారు నేర్చుకునేవాళ్ల పక్కసీట్లో కూర్చుంటాడు. ఆ కారులో పక్కసీటు కింద కూడా ఒక బ్రేకు ఉంటుంది. నేర్చుకునేవాడు కంగారుపడబోతున్నాడు అనిపించగానే ఈయన తొక్కేస్తాడు. పదకొండేళ్లుగా అదే పని. కారుకి ఒక్క గీత పడలేదు. బంగారంలాంటి మనిషని అందరూ మెచ్చుకుంటారు. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లలో సగం మందికి పక్కన ఆయన లేకపోతే బండి నడపడం రాదు, కాని ఆ మాట ఎవరూ పైకి అనరు.

ఇంట్లోనూ అదే తంతు. పిడుగు మూతి వంకర తిరిగితే చాలు, ఈయన కుడికాలు నేలని గట్టిగా తొక్కుతుంది. ఆమె ఒకసారి కాదు, వందసార్లు చూసింది. ఆ తరవాత పిల్లని ఎత్తడం, తెచ్చి ఆమె మీద పడేయడం. గట్టిగా మాట్లాడని మనిషి, చెయ్యెత్తని మనిషి, ఇంటికి వేళకి వచ్చే మనిషి. అలాంటివాడి మీద కోపం తెచ్చుకుంటే నీకే ఏదో అయిందంటారు. ఆమె కడుపుమంటలో సగం అదే.

మిగతా సగం శనివారం గురించి. ఆమె పెళ్లికి ముందునుంచీ ఒక కళ్లద్దాల దుకాణంలో లెన్సులు అరగదీసే పని చేసేది. గుండ్రటి లెన్సుని ఫ్రేము ఆకారానికి, తిరిగే రాయి మీద, నీళ్లు కారుతుండగా అరగదీయాలి. వెంట్రుకవాసి ఎక్కువ అరిగిందా, ఫ్రేములోంచి జారిపోతుంది. తక్కువైతే మర బిగించేటప్పుడు పుటుక్కున పగులుతుంది. ఆ చేతివాటం ఆమెకి వచ్చినట్టు ఆ వీధిలో ఇంకెవరికీ రాలేదు. ఏడాదిగా ఆ కుర్చీలో దుకాణం పెద్దాయన బామ్మర్ది కూర్చుంటున్నాడు. నాలుగు లెన్సులకి ఒకటి చెడగొడుతున్నాడు. కట్టుకున్నదాని తమ్ముడు కాబట్టి పెద్దాయన నోరెత్తలేడు, ఆమె ఎప్పుడొస్తుందా అని ఎదురు చూస్తున్నాడు.

ఆమె గత నెలలో రెండుసార్లు వెళ్లింది కూడా. రెండుసార్లూ మధ్యాహ్నం మహానుభావుడి దగ్గర్నుంచి ఫోన్. ఏడుస్తోంది, ఊపిరి పట్టేస్తోంది, నాకు భయంగా ఉంది, వచ్చెయ్యి. చేతిలో లెన్సు వదిలేసి పరిగెత్తింది. ఇంటికొస్తే పిడుగు చెంచాతో నేలని కొడుతూ ఆడుకుంటోంది. రెండోసారి పెద్దాయన చెప్పేశాడు. శనివారం ఒక్కరోజు చూస్తాను, పదింటి నుంచి ఆరింటి దాకా కుర్చీలోంచి లేవకూడదు, లేచావా, ఇక బామ్మర్దే ఉంటాడు, నేనింక మా ఆవిడతో పడలేను. పిడుగు సాయంత్రం పాలు కిందటి నెలే మానేసింది. పొద్దునవీ రాత్రివీ తరవాత చూసుకోవచ్చు. అడ్డుపడుతున్నది ఆ మధ్యాహ్నం ఒక్కటే.

ఆమె చేయని ప్రయత్నం లేదు. ఎవరో చెప్పారని గుండెల మీద ప్లాస్టర్ అంటించుకుని, అమ్మకి నొప్పి అని చూపించింది. పిడుగు జాలిగా చూసి, ప్లాస్టర్‌ని ముద్దు పెట్టుకుని, మరునిమిషం గోటితో పీకి పారేసింది. మెత్తటి అన్నం పెడితే ఉమ్మి, ఉమ్మినదాన్ని అత్తగారి కళ్లద్దాలకి పూసింది. గిన్నె ఎత్తి తల మీద బోర్లించుకుంది. తల ప్రాణం తోకకొచ్చింది. ఇంత చేసి పావుగంట దాకా తెస్తే, ఈయన నింపాదిగా వచ్చి మొత్తం మొదటికి తెచ్చాడు.

సాయంత్రం పిడుగు అటక కింద పాత పెట్టెలు లాగుతూ ఉండగా ఆమె అడగాల్సింది అడిగేసింది. పిల్ల ఏడిస్తే ఆయనకి ఏమవుతుందో చెప్పమంది.  అది ఏడుస్తుంటే చూడలేనన్నాడు ఆయన.

"చూడలేకపోతే బయటికెళ్లండి" అంది ఆమె. "అది ఏడ్చేది పావుగంట. మీరు అది పూర్తికాకుండానే ఎత్తుకొస్తారు. మళ్లీ మొదట్నించి ఏడవాలి అది. మీ జాలి వల్ల దానికి ఏడుపు తగ్గట్లేదండీ, ఎక్కువవుతోంది."

"తల్లివి నువ్వు. నీకెలా మనసొప్పుతుంది?"

ఆ మాటకి ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఏం అనేదో ఏమో. బట్టలు మడతపెడుతున్న అత్తగారు తలెత్తింది.

"ఒరేయ్, నువ్వు నాలుగేళ్ల దాకా తాగావు" అంది.

ఆయన ఎర్రబడ్డాడు. ఇప్పుడు ఆ గొడవెందుకని గొణిగాడు.

"ఎందుకా? మీ నాన్న కూడా అచ్చం నీలాగే. నువ్వు ఏడ్చావంటే చాలు, నన్ను పట్టుకొచ్చి నీ పక్కన పడుకోబెట్టేవాడు. నేను అప్పుడు టెలిఫోన్ ఆఫీసులో ఉండేదాన్ని. రెండు నెలలు ఆగి వస్తానని చెప్పాను. ముప్పై ఐదేళ్లయింది." అత్తగారు ఒక తువ్వాలు మడిచి, విప్పి, మళ్లీ మడిచింది. "మంచివాడే మీ నాన్న. ఆయన్ని ఒక్కమాట అనడానికి కూడా నాకు దారి లేకుండా పోయింది."

అత్తగారు ఉద్యోగం చేసిందన్న సంగతే ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.  కొడుకు, శనివారం సెలవు పెడతాను, అమ్మతో పాటు నేనూ ఉంటాను, ఫోన్ చేయను, అని మాట ఇచ్చాడు. ఆ తరవాతి మూడు మధ్యాహ్నాలూ బయటే ఏదో తిని వచ్చాడు. పిడుగు మళ్లీ దారిన పడింది.

శనివారం ఆమె పదికి పది నిమిషాల ముందే కుర్చీలో ఉంది. పని గది దుకాణానికి వెనక, మధ్యలో నిలువెత్తు అద్దం. ఇవతలివాళ్లకి అవతలివాళ్లు కనిపిస్తారు. పెద్దాయన ముందు నాలుగు చిన్న పనులు చేయించి, తరవాత మెయిన్ రోడ్డు టైలరు లెన్సుల జత ఇచ్చాడు. ఆ జత తయారై రావడానికి పది రోజులు పట్టింది. పాత అద్దాలు విరిగి పది రోజులుగా ఆయన మిషన్ మూతపడి ఉంది. ముందు ఒక కన్నుది చేసింది, చక్కగా కూర్చుంది. రెండోది రాయి మీద పెట్టేసరికి పన్నెండున్నర అయింది. టైలరు బల్ల మీద కూర్చుని ఎదురుచూస్తున్నాడు. ఆమె గుండెలు మళ్లీ రాళ్లయ్యాయి. ఇంటి దగ్గర ఈపాటికి గ్లాసు తీసి ఉంటారనుకుంది. ఫోన్ మోగలేదు.

ఫోన్ మోగలేదు కాని ఏడుపు వినబడింది. వీధి అవతల్నుంచి. ఆ ఏడుపు ఆమె లక్ష ఏడుపుల్లో గుర్తుపడుతుంది. డ్రైవింగ్ స్కూలు కారు దుకాణం ముందు ఆగింది. మహానుభావుడు మాట నిలబెట్టుకున్నాడు, ఫోన్ చేయలేదు. అత్తగారు స్నానానికి వెళ్లిన పది నిమిషాల్లో పిల్లనే ఎత్తుకొచ్చాడు.

అద్దం అవతల నిలబడి, వేళ్లు ఐదూ చూపించాడు. ఐదు నిమిషాలు, అంతే. పిడుగు తల్లిని చూసింది. రెండు అరచేతులతో అద్దం మీద బాదింది. ఆమె బట్ట తడిసిపోయింది. పెద్దాయన కళ్లద్దాల మీదుగా ఆమెని చూశాడు.  

ఆమె లేవలేదు. లెన్సు కూడా పైకి తీయలేదు.

"అక్కడ కూర్చోండి. సంచీలో గ్లాసుందా?" అంది గట్టిగా, అద్దం అవతలికి వినపడేలా.

ఉంది. అత్తగారు స్నానానికి వెళ్తూ పాలు పోసి పెట్టిన గ్లాసుని ఆయన సంచీలో వేసుకొచ్చాడు.

"తాగించండి. గడియారం చూసుకోండి. నా వైపు చూడకండి. కాలు పైకి పెట్టండి, నేలని తొక్కకండి."

ఆయన బల్ల మీద కూలబడ్డాడు. ఇక ఆ దుకాణంలో ఎవరికీ చెవులు మిగల్లేదు. పిడుగు వెనక్కి విరుచుకుపడింది, గ్లాసుని విసిరికొట్టింది, ఆయన ఏరుకొచ్చి మళ్లీ పెట్టాడు. ఐదు నిమిషాలు కోపం. తల్లి ఎదురుగా కనిపిస్తోంది కాబట్టి ఆ కోపం పదికి పాకింది. తరవాత బతిమాలడం. అద్దానికి మొహం ఆనించి, అమ్మా అని కూడా సరిగ్గా రాని నోటితో, మ్మ, మ్మ అని. టైలరు తట్టుకోలేకపోయాడు.

"పోనీ ఇచ్చెయ్యమ్మా, పసిది" అన్నాడు.

"మీకు కళ్లు కావాలా వద్దా?" అంది ఆమె తలెత్తకుండా.

 ఎంత మంది మంచివాళ్లు ఈ లోకంలో. ఒక్కొక్కడూ పిల్ల ఏడుపుకి కరిగిపోయేవాడే, కరిగిపోయి తల్లినే లెమ్మనేవాడే. ఒక్కడైనా గ్లాసు పట్టుకుని నేను కూర్చుంటాలే అమ్మా అనడు. ఆమెకి ఆ రాయి మీద లెన్సుతో పాటు వీళ్లందరినీ అరగదీయాలనిపించింది.  నీళ్లు కారుతున్నాయి, లెన్సు అంచు తిరుగుతోంది, ఆమె కళ్లు మసకబారుతున్నాయి, మోచేత్తో తుడుచుకుంటోంది.

పంతొమ్మిదో నిమిషానికి వెక్కిళ్లు. ఇరవయ్యో నిమిషానికి గ్లాసు మూతి నోట్లోకి వెళ్లింది. పిడుగు అద్దంలోంచి తల్లినే చూస్తూ తాగింది. సగం తాగి, గ్లాసు తనే రెండు చేతులతో పట్టుకుంది. ఇరవై రెండో నిమిషానికి మొహం అటు తిప్పేసుకుని, తండ్రి భుజం మీద తల వాల్చి నిద్రపోయింది.

లెన్సు ఫ్రేములో ఎలా వెళ్లాలో అలా వెళ్లింది. ఆమె మర బిగించి పెద్దాయన చేతికిచ్చింది. టైలరు అద్దాలు పెట్టుకుని, కాలరుకి గుచ్చుకున్న సూది తీసి, అక్కడికక్కడే దారం ఎక్కించాడు. మొదటి ప్రయత్నానికే ఎక్కింది. సోమవారం పదింటికి రా అన్నాడు పెద్దాయన ఆమెతో.

ఆమె గెలిచింది. గెలిచి, ఇంతకు ముందెన్నడూ లేనంత కోపంతో కూర్చుంది. ఈసారి మొగుడి మీద కాదు. ఆ పిల్ల మీద. ఇరవై రెండు నిమిషాలేనా? ఇంకో ఐదు నిమిషాలు ఏడిస్తే దీని సొమ్మేం పోయింది? ఏడాది పాటు రక్తం పాలు చేసి పోస్తే, ఒక ప్లాస్టిక్ గ్లాసు చూసుకుని మొహం అటు తిప్పుకుంటుందా? ఆ కోపానికి తలాతోకా లేదని ఆమెకి తెలుసు. తెలిసినా కన్నీళ్లు ఆగలేదు, బొటబొటా రాలాయి.

ఆయన పిల్లని భుజాన వేసుకుని పని గది గుమ్మం దాకా వచ్చాడు. పడుకుంది, నేనే పడుకోబెట్టాను అని గుసగుసగా చెప్పబోయి, ఆమె మొహం చూసి ఆగిపోయాడు. ఆయన మూతి వంకర తిరిగింది. కుడికాలు నేలని గట్టిగా తొక్కింది.

"ఏడుస్తున్నావా? వచ్చెయ్యి, ఇంటికి పోదాం. ఈ ఉద్యోగం లేకపోతే మాత్రం ఏమైంది?" అన్నాడు.

ఆమె ఆ కాలు వైపు చూసింది.

"కాలు తియ్యండి" అంది. "నన్ను కూడా పావుగంట ఏడవనివ్వండి."

ఆయన కాలు పైకి ఎత్తాడు. ఎక్కడ పెట్టాలో తెలియక కొంచెంసేపు అలాగే ఒంటికాలి మీద నిలబడ్డాడు. ఆమె మొహం తుడుచుకోకుండానే పెద్దాయన్ని తరవాతి లెన్సు ఎవరిదో అడిగి, రాయి మీదకి నీళ్లు వదిలింది.