ఖాళీ అన్న మాట

నేను ఒక బీరు పీపాను. పనివాళ్ళు నన్ను కెగ్గు అంటారు. నన్ను కడగడానికి ఇంటికి తెచ్చుకున్నవాడి భార్య అండాలు మాత్రం చివరిదాకా డ్రమ్మనే అన్నది. యాభై లీటర్లు పడతాను. ఇప్పుడు ఒక పోలీస్ స్టేషన్ వెనక, పట్టుకొచ్చిన మోటారు సైకిళ్ళ మధ్య, మెడకు గుడ్డ చుట్టి లక్క ముద్ర వేయించుకుని పడి ఉన్నాను. ఒక మనిషి ప్రాణం నా లెక్కలో ఉంది. అందుకని నా కథను గొప్పగా చెప్పుకోను. జరిగింది జరిగినట్టు చెబుతాను.

పుణె దగ్గర ఒక కార్ఖానాలో పుట్టాను. రెండు స్టీలు రేకులను గిన్నెల్లా లోతుగా నొక్కి, అంచుకు అంచు కలిపి అతికారు. తర్వాత నీళ్ళు నింపి, మామూలు రోజుల్లో నేను ఓర్చుకోవలసిన ఒత్తిడికి రెండింతలు పెట్టి, ఎక్కడైనా చుక్క కారుతుందేమోనని చూశారు. కారలేదు. చూసినాయన నా భుజం మీద ముద్ర కొట్టి అరచేత్తో ఒకసారి తట్టాడు. పట్టిన దాన్ని వదలకపోవడమే నా మంచితనమని ఆ రోజు అనుకున్నాను. చాలాకాలం అలాగే అనుకున్నాను.

నా నోటి దగ్గర మొదలై అడుగు దాకా ఒక స్టీలు గొట్టం దిగుతుంది. దాని తలలో ఒక వాల్వు, వాల్వు కింద గట్టి స్ప్రింగు, అన్నిటినీ లోపల పట్టి ఉంచడానికి ఉంగరం లాంటి ఒక క్లిప్పు. పైనుంచి గ్యాసు నెట్టితే బీరు ఆ గొట్టం గుండా పైకి వస్తుంది. ఇంగ్లీషువాళ్ళు ఆ గొట్టానికి పెట్టిన పేరుకు తెలుగులో ఈటె అని అర్థం. పెట్టినవాళ్ళు ఆలోచించే పెట్టినట్టున్నారు.

నన్ను కొన్నది హైదరాబాదులో, గచ్చిబౌలి వైపు, బీరు అక్కడే కాచి అక్కడే పోసే ఒక పెద్ద హోటలు. పైన పెళ్ళి కుదిరినవాళ్ళూ, ఉద్యోగం ఊడినవాళ్ళూ ఒకే బీరు తాగేవారు. కింద చల్లగదిలో మేం నలభై మందిమి వరుసగా నిలబడి ఉండేవాళ్ళం. బీరు అయిపోగానే మమ్మల్ని కడుగుడు గదికి దొర్లించేవారు. అక్కడ గోడ మీద సుద్దతో రెండు మాటలు రాసి ఉండేవి, ఒకవైపు నిండు, ఒకవైపు ఖాళీ.

ఆ గది రాజలింగానిది. ఏడేళ్ళు అక్కడే పనిచేశాడు. వాళ్ళ నాన్న ఊళ్ళో తాళ్ళెక్కి కల్లు గీసినవాడు. కల్లు లొట్లు కడగడం చిన్నప్పుడే రాజలింగం చేతికి వచ్చింది. లొట్టి మట్టిది, నోరు తెరిచి ఉంటుంది, వంచితే ఉన్నదంతా పోతుంది. అది ఖాళీ అంటే ఖాళీయే. మా సంగతి వేరు. బీరు అయిపోయాక కూడా, దాన్ని నెట్టిన గ్యాసు మా లోపల బిగబట్టుకుని ఉంటుంది. కానీ ఆ గదిలో మమ్మల్ని తలకిందులుగా బోర్లించుకునే యంత్రం ఒకటి ఉండేది. ముందు గ్యాసు వదిలించేది, తర్వాత వేడినీళ్ళు, మందు నీళ్ళు, మళ్ళీ వేడినీళ్ళు, ఆవిరి, అన్నీ అదే చూసుకునేది. గ్యాసు గురించి మనిషి ఆలోచించవలసిన అవసరమే రాలేదు. అందువల్ల ఏడేళ్ళ పాటు రాజలింగం నోట ఖాళీ అన్న మాట తప్పు కాలేదు.

ఆ హోటలు ఒకరోజు మూతపడింది. మమ్మల్ని వెనక ఖాళీ జాగాలో ఎనిమిది నెలలు ఎండకూ వానకూ వదిలేశారు. అడుగున మిగిలిన బీరు పులిసి, ఎండి, పాచి కట్టింది. చింతల్‌లో తన రెండు గదుల ఇంట్లో రాజలింగం కూడా ఆ ఎనిమిది నెలలూ కూర్చునే ఉన్నాడు. వీధిలో ఎవరు ఎదురైనా, ఖాళీగానే ఉన్నవా అని పలకరించేవారట. ఆ పలకరింపు పడలేక నల్లా నీళ్ళు పట్టడానికి కూడా భార్యనే పంపేవాడట. ఇవన్నీ అండాలు తర్వాత మా మీద నీళ్ళు పోస్తూ అతణ్ణి ఆటపట్టించిన మాటల్లో విన్నాను.

చివరికి నార్సింగి దగ్గర కొత్తగా బీరు కాచబోయే ఒకతను మమ్మల్ని చవగ్గా కొన్నాడు. కడిగే యంత్రం కొనడానికి అతనికి ఇంకా స్తోమతు లేదు. రాజలింగాన్ని పిలిచి, ముందు పన్నెండు కెగ్గులు ఇంటికి తీసుకుపొమ్మన్నాడు. వాసన లేకుండా శుభ్రం చేసి శుక్రవారానికి తెస్తే కడుగుడు పని అతనిదేనన్నాడు. ఆ విధంగా నేను ట్రాలీ ఆటోలో చింతల్ చేరాను.

ఉన్నదాంతో పని నడిపించడం రాజలింగానికి బాగా తెలుసు. పాత కూలరు మోటారు విప్పి పంపుగా చేశాడు. పెరట్లో మూడు రాళ్ళ పొయ్యి పెట్టి, డేగిసాలో నీళ్ళు మరిగించి, బట్టల సోడా కలిపాడు. మమ్మల్ని నీళ్ళ కుండ స్టాండు మీద బోర్లించి, తోటకు నీళ్ళు పెట్టే పైపుతో ఆ వేడినీళ్ళు లోపల అరగంట తిరిగేలా చేశాడు. సోడాకు లొంగని గార పోవడానికి నిమ్మ ఉప్పు. బ్లీచింగ్ పౌడరు జోలికి మాత్రం పోలేదు, అది తగిలితే స్టీలుకు చుక్కలు పడి తినేస్తుందని అతనికి తెలుసు. చివర్న టార్చి వేసి లోపలికి చూసేవాడు, ముక్కు పెట్టి వాసన చూసేవాడు, తర్వాత అండాలును పిలిచేవాడు. ఆమె ముక్కు ఒప్పుకుంటేనే ఆ పీపా శుభ్రమైనట్టు.

బడిలో మధ్యాహ్న భోజనం వండే మనిషి ఆమె. ఎండాకాలం సెలవులు కాబట్టి ఇంట్లో ఉంది. నా పక్క పీపాలో తల పెట్టి మూతి ముడిచి, "మా మామ కల్లు లొట్లు కడిగిండు, మొగుడు బీరు డ్రమ్ములు కడుగుతుండు. ఇంట్ల తాగేటోడు మాత్రం ఒక్కడు లేడు" అన్నది. రాజలింగం నవ్వాడు. అతను నవ్వి చాలా రోజులైందని ఆమె అన్నది.

పాచి ఇంతగా పట్టాక గొట్టం బయటికి తీయక తప్పదు. స్క్రూ డ్రైవరుతో క్లిప్పు లేపి, తలను నొక్కి తిప్పి, గొట్టాన్ని పైకి లాగాలి. మొదటి రెండు పీపాలకు రాజలింగం ముందుగా వాల్వు నొక్కి చూశాడు. బుస్సుమని కూడా అనలేదు. ఎనిమిది నెలల ఎండకు రబ్బర్లు చచ్చి, వాటి గ్యాసు ఎప్పుడో జారిపోయింది. మూడో దానినుంచి నొక్కి చూడడం మానేశాడు. తొమ్మిదోదాని దాకా అలాగే విప్పాడు. చూసి చూసి అండాలుకు కూడా పని వచ్చేసింది.

నేను పదోదాన్ని. నా రబ్బరు చావలేదు.

గురువారం మధ్యాహ్నం, ఇంకా మూడు మిగిలాయి. రాజలింగం పొయ్యి దగ్గర అటు తిరిగి కట్టెలు ఎగదోస్తున్నాడు. పని తొందరగా తెమలాలని అండాలు నన్ను నిలబెట్టి స్క్రూ డ్రైవరు అందుకుంది. పొద్దుటినుంచి ఎండలో కాగి ఉన్నాను. లోపల గ్యాసు ఎప్పటికంటే ఎక్కువగా గోడలను నెడుతోంది. నాకు నోరుంది గాని మాట లేదు.

ఆమె క్లిప్పు మీద చెయ్యి పెట్టి ఆగింది. "ఏమయ్యా, ఇది ఖాళీనేనా?" అని అడిగింది.

అతను వెనక్కి తిరగలేదు. "ఖాళీనే. ఇప్పు" అన్నాడు.

ఆమె వంగింది. క్లిప్పు లేచింది. ఎనిమిది నెలలు పట్టి ఉంచిన దాన్ని ఒక్క క్షణంలో వదిలేశాను. గొట్టం పోయే దారిలో ఆమె నుదురు ఉంది.

ఎంత చిన్న మేలో గాని, నొప్పి తెలిసేంత వ్యవధి ఆమెకు లేదు. ఆ చప్పుడుకు పక్కింటి షకీలా గోడ దాటి వచ్చింది. ఆమె అరవలేదు. ముందు పొయ్యిలో నీళ్ళు పోసి ఆర్పింది. తర్వాత తన ఇంట్లోంచి ఉతికిన దుప్పటి తెచ్చి కప్పింది. రాజలింగం చేతిలోంచి కట్టె తీసి పక్కన పెట్టింది. అతను అప్పటిదాకా దాన్ని పట్టుకునే ఉన్నాడు.

సాయంత్రం ఎస్సై వచ్చి ఎలా జరిగిందని అడిగాడు. "నేను లేను సార్. నిమ్మ ఉప్పు అయిపోతే కొట్టుకు పోయిన. ఆమెనే ఇప్పుకున్నది" అన్నాడు రాజలింగం. సగం నిండిన నిమ్మ ఉప్పు పొట్లం గోడ మీదే ఉంది. ఎవరూ చూడలేదు.

అతను జైలుకు భయపడి అబద్ధమాడాడని నేను అనుకోను. అప్పుడే అండాలు వాళ్ళన్న ఓదెలు స్కూటరు దిగి గేటులోకి వస్తున్నాడు. రాజలింగం భయం ఆ ముఖానికి.

ఓదెలు జీడిమెట్లలో లేత్ మీద ఇరవై ఏళ్ళు పనిచేసినవాడు. ఏడుపు అయ్యాక నా దగ్గరికి వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని, నా నోటినీ పడి ఉన్న గొట్టాన్నీ స్ప్రింగునూ చాలాసేపు చూశాడు. "గాలి తియ్యకుండ దీన్ని ఇప్పొద్దు గద బావా. చెల్లెకు చెప్పలేదా నువ్వు?" అని అడిగాడు.

"చెప్పిన బావా. ఆగుమంటే ఆగలే" అన్నాడు రాజలింగం.

మొదటి అబద్ధం తనను తాను కాపాడుకోవడానికి. రెండోది ఆమె మీద పడింది. ఓదెలు తల ఊపాడు గాని నమ్మినవాడిలా లేడు. "అడగకుండ చేసే మనిషి గాదే అది. కూరల ఉప్పేసేటప్పుడు గూడ అడుగుతది" అని తనలో తాను అనుకున్నట్టు అన్నాడు.

మర్నాడు నన్ను స్టేషనుకు తెచ్చారు. నంబరు వేసి లోపల పెట్టడానికి తీరిక చిక్కక, వరండాలో రైటరు బల్ల పక్కన ఉంచారు. రైటరు అంటే స్టేషన్లో కాగితాలన్నీ రాసే హెడ్ కానిస్టేబులు. అన్నం తినేటప్పుడు ఆయన తన టిఫిన్ డబ్బా నా మీద పెట్టుకునేవాడు. నేను చంపిన సంగతి రాస్తున్నది కూడా ఆయనే. మనుషులు వస్తువుల మీద ఎక్కువ కాలం కోపం ఉంచుకోలేరు. వాళ్ళకు పని ఉంటుంది.

కర్మకాండ అయిన మరునాడు రాజలింగమూ ఓదెలూ వచ్చారు. వాంగ్మూలం మీద రాజలింగం సంతకం కావాలి. రైటరు ఇంకెవరిదో కాగితం చూస్తూ ఉండగా ఇద్దరూ బెంచీ రెండు కొసల్లో కూర్చున్నారు. రాజలింగం గుండు మీద ఎండ పడుతోంది. ఓదెలు నేల చూస్తూ మాట్లాడాడు. దినాలకు వచ్చిన ఆడవాళ్ళంతా అండాలుకు తొందరెక్కువ అని అనుకుంటూ పోయారట. అదేమీ పట్టించుకునేవాణ్ణి కాదన్నాడు. కానీ వాళ్ళమ్మ మంచం మీద నుంచి పొద్దునా సాయంత్రం ఒకటే అడుగుతోందట, నా బిడ్డ ఎందుకు తొందరపడ్డదిరా అని.

"ఏం చెప్పాల్నో తెలుస్తలేదు బావా" అన్నాడు.



రైటరు పిలిచాడు. కాగితాన్ని గడగడా చదివాడు. నేను ఇంట లేని సమయమున, నేను వారించినను వినక, మృతురాలు తన అజాగ్రత్త వలన, అంటూ ఆ వాక్యం సాగింది. ఇంట లేనివాడు ఎలా వారించాడని ఎవరూ అడగలేదు. చదివి వినిపించగా సరియేనని ఒప్పుకుంటిని అన్న చివరి మాట దగ్గర వేలు పెట్టి, అక్కడ సంతకం చెయ్యమని పెన్ను ఇచ్చాడు.

రాజలింగం పెన్ను పట్టుకుని కాగితం వైపు చూస్తూ నిలబడ్డాడు. రైటరు తొందరపెట్టాడు. వెనక ఇంకో ఇద్దరు నిలబడి ఉన్నారు.

"ఒక ముచ్చట తప్పు పడ్డది సార్" అన్నాడు రాజలింగం.

పేరా, తేదీనా అని రైటరు అడిగాడు.

"నేను ఇంట్లనే ఉన్న. ఆమె నన్ను అడిగింది. ఇది ఖాళీనేనా అని అడిగింది సార్. నేను సూడలే. ఖాళీనే, ఇప్పు అన్న."

ఓదెలు బెంచీ మీదనుంచి లేచాడు. కొడతాడనుకుని పక్కనున్న కానిస్టేబులు ఒక అడుగు ముందుకు వేశాడు. ఓదెలు కొట్టలేదు. బావ ముఖంలోకి చూసి, "అడిగిందా?" అన్నాడు.

"అడిగింది."

"అయితే రాయండి సార్" అని ఓదెలు రైటరుతో అన్నాడు. "అడిగింది అని రాయండి."

ఇలా రాస్తే కేసు నీ మీదికి వస్తుంది, తెలుసా అని రైటరు రాజలింగాన్ని అడిగాడు. గొంతులో కోపం లేదు. తెలుసన్నాడు రాజలింగం. రైటరు పాత కాగితాన్ని మడిచి పక్కన పెట్టి, కొత్తది తీసి, వెనకవాళ్ళను కాసేపు బయట కూర్చోమన్నాడు. రాజలింగానికి స్టూలు చూపించాడు. మొదటినుంచి రాయడానికి చాలాసేపు పట్టింది. పూర్తయ్యాక ఈసారి గడగడా కాకుండా నిదానంగా చదివి వినిపించాడు. ఆ ఒక్క మాట మళ్ళీ చదవమని రాజలింగం అడిగితే, విసుక్కోకుండా మళ్ళీ చదివాడు.

"ఇది ఖాళీయేనా అని మృతురాలు నన్ను అడిగినది."

రాజలింగం సంతకం చేశాడు. ఓదెలు అతని వైపు చూడలేదు, పోతున్నానని చెప్పలేదు. వరండా మెట్లు దిగి, స్కూటరు దగ్గర నిలబడి ఫోను తీశాడు. అవతల ముసలామెకు చెవుడేమో, గట్టిగా మాట్లాడవలసి వచ్చింది. స్టేషనంతా విన్నది.

"అమ్మా, చెల్లె తొందరపడలేదే. అడిగింది. అడిగే ఇప్పింది."