తండేలు ఫోను

వేటకు పోయే పడవకు ఒకటే ఫోను. అది పడవను నడిపించే పెద్ద, అంటే తండేలు దగ్గరుంటుంది, రెండు ప్లాస్టిక్ కవర్లు చుట్టి మొలతాడుకు కట్టుకుని ఉంటాడు. మిగతావాళ్ళు తమ ఫోన్లు ఇంట్లో పెట్టి పోతారు. ఉప్పునీళ్ళకు ఒక్క ఫోను బలైతే చాలదా? ఆ పడవకు మధుబాబే తండేలు కాబట్టి, ఆ ఇంటికున్న ఒక్క ఫోనూ అతని వెంటే సముద్రానికి పోయేది. అయినా అందరూ దాన్ని ఇంటి నంబరనే అనేవాళ్ళు. రేషన్ కార్డుకు అదే, గ్యాసుకు అదే, పిల్ల బడికీ అదే. ఇంట్లో ఎప్పుడూ ఉండని ఫోనుకు ఇంటి నంబరని పేరు పెట్టిన ఘనత ఆ తీరం వాళ్ళకే దక్కాలి.

ఈసారి నడిసముద్రంలో ఇంజను చెడిపోయింది. పడవ గాలికి కొట్టుకుపోయి పరాయి దేశపు నీళ్ళలోకి చేరింది. పడవలో ఉన్న నలుగురూ పట్టుబడ్డారు, వాళ్ళతో పాటు ఫోనూ పట్టుబడింది. వారం తర్వాత మండలాఫీసు గుమస్తా ఇంటికొచ్చి వివరాలు రాసుకుంటూ నంబరు అడిగాడు. మధుబాబు తల్లి అంకాలమ్మ అక్షరం ముక్క రాని మనిషి. అయినా పది అంకెలూ గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పింది. ఆమెకు కంఠతా వచ్చిన అంకెలు అవే మరి. పక్కన నిలబడ్డ కోడలు గంగాభవాని ఏదో చెప్పబోయి నోరు మూసుకుంది.

ఆమెకు ఇంకో నంబరుంది. ఈ వేటకు ముందే మధుబాబు నాయుడుపేట నుంచి ఒక చిన్న బటన్ ఫోను తెచ్చాడు. అందులో సిమ్ము ఆమె పేరు మీదే తీసుకున్నాడు. "పెట్టెలో పెళ్ళిచీర కింద పెట్టు. అమ్మకు నేను మెల్లిగా చెప్తాలే" అన్నాడు. చెప్పకుండానే వేటకు పోయాడు. అంకాలమ్మకు కోడళ్ళ చేతిలో ఫోనంటే ఒళ్ళుమంట. చిన్నకోడలు మస్తానమ్మ ఫోను కొనుక్కున్న ఏడాదికే మొగుణ్ణి తీసుకుని నాయుడుపేటలో వేరు కాపురం పెట్టింది. తప్పంతా ఫోనుదేనని అత్త తీర్పు. అందుకే గుమస్తా ముందు గంగాభవాని నోరు పెగల్లేదు. అసలే మొగుడు పరాయి దేశంలో చిక్కుకుని ఉంటే, ఇంట్లో ఇంకో గొడవ ఎందుకనుకుంది.

ఆ మౌనం ఏం చేసిందో వాకాడులో జడ్సన్ నెట్ సెంటర్లో కూర్చున్నాక గానీ తెలియలేదు.

ఆ దేశంలోని మన రాయబార కార్యాలయం వాళ్ళు ఆ రోజు పట్టుబడ్డవాళ్ళను కుటుంబాలకు వీడియోలో చూపిస్తారని మండలాఫీసు నుంచి కబురొచ్చింది. ఇంటివాళ్ళు మనిషిని చూసి మావాడేనని చెప్పాలి. చెప్పిన పేర్లు విడుదల జాబితాలోకి పోతాయి. మిగతా మూడు కుటుంబాలూ పొద్దున్నే వాళ్ళ వాళ్ళ ఫోన్లలో చూసుకుని ఏడ్చి, నవ్వి, పనుల్లో పడిపోయాయి. స్మార్టు ఫోను లేని ఈ అత్తాకోడళ్ళే బస్సెక్కి వాకాడు వచ్చారు.

జడ్సన్ కంప్యూటర్లో పేరు కొట్టాడు. గంగాభవాని ఫొటో పక్కనే వచ్చింది. "వాళ్ళకాడ డైరెక్టరీ అని ఒకటి ఉంటాదక్కా. అందులో నీ పేరు, మొహం, నంబరు ఉండాయి. మూడూ కలిస్తేనే లోపలికి రానిస్తాది. ఇప్పుడు ఫోనుకు ఓటీపీ వస్తాది, చెప్పు" అన్నాడు.

ఇద్దరు ఆడవాళ్ళూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఏ నంబరుకు పోయింది?" అంది గంగాభవాని, తెలిసే.

"చివర్లో డెబ్బై ఒకటి."

"అది మా ఇంటి నంబరే" అంది అంకాలమ్మ ధీమాగా.

"ఫోను తీ మరి పెద్దమ్మా."

"మా అబ్బాయి దగ్గరే ఉండాది గదా."

జడ్సన్ చేతులు కీబోర్డు మీద ఆగిపోయాయి. మొగుణ్ణి చూడాలంటే అంకెలు కావాలి, అంకెలు కావాలంటే మొగుడితో పాటు పట్టుబడిన ఫోను కావాలి. తాళంచెవి లోపల పెట్టి తలుపు వేసుకున్నట్టయింది.

జడ్సన్ తెరమీద ఉన్న సహాయ నంబరుకు ఫోను మీద ఫోను చేశాడు. చివరికి తెరమీద, పట్టుబడ్డవాళ్ళ దగ్గరే కూర్చున్న ఒక అధికారిణి మొహం కనబడింది. కళ్ళజోడు, అలసిన గొంతు. అంతా విన్నాక నిదానంగా చెప్పింది.

"అమ్మా, నేను మిమ్మల్ని అనుమానించడం లేదు. పోయిన నెల ఎవడో ఒకడు ఖైదీకి అన్ననని చెప్పి లోపలికొచ్చాడు. అందరి మొహాలూ రికార్డు చేసి బయటికి పంపాడు. దాంతో ఈ దేశంవాళ్ళు మాట్లాడించడమే ఆపేశారు. మళ్ళీ ఒప్పించడానికి మా తలప్రాణం తోకకొచ్చింది. నంబరు కలవకుండా లోపలికి రానివ్వలేను."

"నంబరు మారిస్తే?"

"మండలాఫీసు నుంచి కాగితం రావాలి. నాలుగైదు రోజులు పడుతుంది. జాబితా ఈ సాయంత్రంతో సరి."

"జాబితాలో లేకపోతే ఏందమ్మా?" అంది అంకాలమ్మ.

"మిగతా ముగ్గురూ వచ్చేస్తారు. మీ అబ్బాయి పేరు తర్వాతి విచారణకు పోతుంది. అది ఎప్పుడో నేను చెప్పలేను."

గంగాభవాని చిన్నప్పుడు ఒకసారి చూసింది, మిగతావాళ్ళు తిరిగొచ్చి తండేలు మాత్రం రాని ఇంటిని. వచ్చినవాళ్ళు ఆ గడప దగ్గర నిలబడి తలలు వంచుకున్నారు. ఇప్పుడా గడప తనది. తన మీద తనకే కోపమొచ్చింది. ఆ రోజు గుమస్తా ముందు ఒక్క ముక్క అని ఉంటే అయిపోయేది గదా. అత్త తిట్టేది. తిడితే తిట్టేది. తిట్లకు ఎవరైనా చచ్చారా? గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకుంది.

"మేడమ్" అంది. తన గొంతు తనకే కొత్తగా ఉంది. "నన్ను ఫోను అడగబాకండి. ఆయన మీ ఎదురుగానే ఉండాడు గదా. నేనెవురో ఆయన్నే అడగండి."

అధికారిణి కళ్ళజోడు సరిచేసుకుంది. "ఒక పద్ధతి ఉంది. మా పైవాళ్ళు ఒప్పుకోవాలి. ఉండండి" అని మాయమైంది.

తెరమీద ఒక చక్రం తిరుగుతూ ఉండిపోయింది. అంకాలమ్మ గంగమ్మ తల్లికి కోడిని మొక్కింది. చక్రం ఇంకా తిరుగుతుంటే దానికి పొట్టేలును కూడా జతచేసింది. కరెంటు పోతే ఎట్లా అని గంగాభవాని, బిల్లు కట్టానా లేదా అని జడ్సన్, ఎవరి దిగులు వాళ్ళు పడుతున్నారు. బయట రోడ్డు మీద బండి హారను కొట్టినప్పుడల్లా గంగాభవాని ఉలిక్కిపడుతోంది.

అధికారిణి తిరిగొచ్చింది. "మీ ఆయనతో మాట్లాడాను. మీ ఇద్దరికీ తప్ప మూడోమనిషికి తెలియని సంగతి ఒకటి చెప్పమన్నాను. చెప్పారు. మీరు అదే చెప్పాలి. ఒక్కసారే అడుగుతాను. పక్కన ఎవరూ అందించకూడదు."

"అడగండి."

"మీ పెట్టెలో పెళ్ళిచీర కింద ఏముంది?"

గంగాభవాని ఓరకంట అత్తను చూసింది.

అంకాలమ్మ మొహం వెలిగిపోయింది. కోడలి భుజం మీద చెయ్యి వేసి, "బంగారు నానుతాడు అని చెప్పుమే. పెళ్ళికి నేను పెట్టిందే గదా" అని గుసగుసలాడింది.

"పెద్దమ్మా, మీరు మాట్లాడకూడదు" అంది అధికారిణి.

ఈ మనిషికి ఇంకేదీ దొరకలేదా అని గంగాభవానికి మొగుడి మీద మండుకొచ్చింది. పిల్ల పుట్టుమచ్చ చెప్పొచ్చు. తన కాలి మీద కాలిన మచ్చ చెప్పొచ్చు. కానీ అవన్నీ అత్తకూ తెలుసు, ఇరుగుపొరుగుకూ తెలుసు. గోడకు గోడ ఆనుకున్న ఇళ్ళలో, ఒకే గదిలో అందరూ పడుకునే కాపురంలో, ఇద్దరికే తెలిసిన సంగతి అదొక్కటే మిగిలింది. అతను అంత దూరాన కూర్చుని, వెతికి వెతికి దాన్నే పట్టుకున్నాడు.

అత్త చెయ్యి ఇంకా భుజం మీదే ఉంది, బరువుగా, నమ్మకంగా.

"ఫోను" అంది గంగాభవాని. "నా పేరు మీద కొన్న ఫోను. అత్తకు చెప్పలేదు."

భుజం మీది చెయ్యి లేచిపోయింది.

అధికారిణి ఏదో నొక్కింది. తెర నిండా మధుబాబు వచ్చాడు, గడ్డం పెరిగి, చెంపలు లోపలికి పోయి. వెనక తెల్లగోడ. అతను అడిగిన మొదటి మాట, "అమ్మ పక్కనే ఉండాదా?"

"ఉండాది" అంది గంగాభవాని.

"అయితే అయిపోయినాను" అన్నాడతను. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియలేదు.

"మీవాడేనా?" అని అడిగింది అధికారిణి.

"మావాడే" అంది అంకాలమ్మ, కోడలికంటే ముందు. ఆ తర్వాత కొంగు నోట్లో కుక్కుకుంది.

తిరుగు బస్సులో అత్త కిటికీ వైపు తిరిగి కూర్చుంది. గంగాభవాని తిట్ల కోసం ఎదురుచూసి, రాకపోయేసరికి ఇంకా భయపడింది. పేరు జాబితాలోకి పోయిందని జడ్సన్ చెప్పాడు. కానీ మనిషి ఇంటికి రాలేదు. వచ్చేదాకా జాబితా జాబితానే.

ఊరు దగ్గర పడుతుండగా అంకాలమ్మ అటు తిరిగే అడిగింది. "ఆ నంబరేంది?"

గంగాభవాని తెల్లబోయింది. "నాకూ తెలవదత్తా. ఎవురికీ చెయ్యలా."

ఇంటికి రాగానే అత్తే పెట్టె మూత ఎత్తింది. పెళ్ళిచీర పక్కకు జరిపింది. ఫోను డబ్బా మీద మధుబాబు రాసిపెట్టిన అంకెలు మనవరాలి చేత చదివించుకుంది. గోడకానుకుని కూర్చుని ఒక్కొక్కటే పలకడం మొదలుపెట్టింది. మధ్యలో తప్పి పాత నంబరు అంకెలు దొర్లితే, మళ్ళీ మొదటికి వచ్చింది.

గంగాభవాని ఫోనును చార్జింగు పెట్టింది. కాసేపటికి చిన్న తెర వెలిగింది.

"వాడికి తెలుసునా ఈ నంబరు?" అంది అంకాలమ్మ.

"కొన్నది ఆయనే గదత్తా."

"అయితే వదిలిన రోజు దీనికే చేస్తాడు" అంది అంకాలమ్మ. లేచి వచ్చి, ఫోను పక్కనే నేల మీద కూర్చుంది. "నువ్వు పోయి అన్నం పెట్టు. మోగితే నేను పిలుస్తాలే."