ముందుగా వెళ్ళినవి

పెద్దపేగులో కేన్సర్ గడ్డ తీయించుకున్న ఏడాదికి వదిన మళ్ళీ సిటీ బస్సు స్టీరింగు పట్టుకుంది. స్కాన్‌లు శుభ్రంగా వస్తున్నాయి. ఆకలి తిరిగొచ్చింది, నోరూ తిరిగొచ్చింది. "గడ్డతో పాటు నాలుక కూడా కోస్తారేమోనని మీ అన్నయ్య ఎంత ఆశపడ్డాడో" అని ఆడపడుచుతో అంటూ నవ్వేది.

ఆ ఆడపడుచును ఇంట్లో అందరూ పిట్ట అంటారు. చిన్నప్పుడు పిట్ట తిన్నంతే తినేదట. తల్లి పోయాక ఆమెకు అన్నం కలిపిపెట్టిందీ, డ్యూటీలు చేసి చదివించిందీ వదినే. ఇప్పుడు పిట్ట కేన్సర్ ఆసుపత్రి వెనక ఉన్న పరిశోధనశాలలో పనిచేస్తోంది.

ఒక సాయంత్రం కూరగాయలు తరుగుతూ వదిన అడిగింది. "ఇంతకీ మా బోటివాళ్ళ రక్తం తీసుకుని మీరు చేసేదేంటి?"

"అందులో సంచులు వెతుకుతాం వదినా. కంటికి ఆనవు, మామూలు మైక్రోస్కోపుకీ దొరకవు. ప్రతి కణమూ అలాంటివి వదుల్తుంది. గడ్డ వదిలేవాటిలో మాత్రం సరుకు వేరు. అవి రక్తంలో పడి కాలేయానికో ఊపిరితిత్తులకో చేరి, అక్కడి కణాల తీరు మారుస్తాయి. తర్వాతెప్పుడో గడ్డలోంచి ఓ కణం విడిపోయి అటు వెళ్తే, నిలబడ్డానికి చోటు సిద్ధంగా ఉంటుంది."

"అద్దెకొచ్చేవాళ్ళు రాకముందే గోడలకి సున్నం కొట్టించినట్టన్నమాట."

"దాదాపు అంతే."

"అయితే నా రక్తం కూడా తీసుకోండి. నలుగురికీ పనికొస్తుంది."

పిట్ట వద్దనలేదు. గొట్టాల మీద పేర్లుండవు, అంకెలే ఉంటాయి. ఎవరి రక్తమో పనిచేసేవాళ్ళకు తెలియకూడదన్నది నియమం. కానీ రక్తమిచ్చి ఇంటికొచ్చిన వదిన చెప్పులు విప్పుతూనే, "నాకేం నంబరిచ్చారో తెలుసా, అచ్చం మా రూటు నంబరే" అంది. పిట్ట చెవులు మూసుకునేలోపే మాట లోపలికి వెళ్ళిపోయింది.

కొన్నాళ్ళకు ఆ గొట్టం ఆమె వంతుకే వచ్చింది. పై అధికారికి చెప్పి వేరేవాళ్ళకి ఇప్పించవలసింది. చెప్పలేదు. కణాలు తీసేసిన రక్తద్రవాన్ని సెంట్రిఫ్యూజ్‌లో గిర్రున తిప్పి, అడుగున పేరుకున్న సంచులను వేరుచేసి, వాటి పైపొర మీది ప్రోటీన్లను కొలిచింది. ఆ ప్రోటీన్లను బట్టి అవి ఏ అవయవంలో దిగుతాయో ముందే చెప్పగలమా అన్నదే వాళ్ళు తేల్చుకోవాలనుకుంటున్న సంగతి. తెర మీద గీత లేచింది. కాలేయం వైపు వెళ్ళేవాటికి ఉంటుందని అనుమానిస్తున్న గుర్తు, మిగతా నమూనాలన్నిటికంటే ఎత్తున నిలబడింది. పిట్ట మళ్ళీ కొలిచింది. గీత దిగలేదు.

పరిశోధనశాల పెద్దాయన ఆమె చెప్పిందంతా విని కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"ముందు నువ్వు ఈ పనిలోంచి తప్పుకో."

"తప్పుకుంటాను సార్. మరి ఆవిడకి?"

"ఏమని చెప్తావమ్మా? ఇది పరీక్ష కాదు, ఇంకా ప్రయోగమే. ఈ గుర్తు ఉన్నవాళ్ళందరికీ జబ్బు తిరగబెడుతుందని నేను చెప్పలేను. లేనిపోని భయం పెట్టినవాళ్ళమవుతాం."

"నిజమైన భయమైతే సార్?"

ఆయన కళ్ళజోడు మళ్ళీ తగిలించుకున్నాడు. ప్రయోగాల మంచిచెడ్డలు చూసే నైతిక సంఘానికి రాస్తాననీ, వాళ్ళు ఒప్పుకుంటే ఆసుపత్రి డాక్టరుకు తెలుస్తుందనీ, అప్పటిదాకా నోరు మెదపవద్దనీ చెప్పాడు.

నోరు మెదపకుండా ఉండవచ్చు. కళ్ళను ఆపడం ఎలా? పొద్దున్నే వదిన మొహం కడుక్కుని వస్తుంటే కళ్ళలో పసుపు ఉందేమోనని చూసేది. కంచంలో రెండు ముద్దలు మిగిలితే, నిన్న ఎన్ని మిగిలాయో గుర్తుచేసుకునేది. వదిన తుమ్మినా పిట్టకు అది కాలేయంలోంచే వచ్చినట్టుండేది. అన్నయ్య హాయిగా టీవీ చూస్తుంటే ఆయన మీద కోపం వచ్చేది, వెంటనే జాలి వేసేది. ఇంత చిన్న ఇంట్లో ఇంత పెద్ద సంగతి ఒక్కతే మోసుకు తిరగడం ఆమె వల్ల కాలేదు.

సంఘం నుంచి జవాబు ఇంకా రాలేదు. ఒక మధ్యాహ్నం వదిన ఆమెను డిపోకి రమ్మంది. బస్సులన్నీ ఎండలో వరసగా ఆగి ఉన్నాయి. తన బస్సు ఎక్కించి, ముందు సీట్లో కూర్చోబెట్టి, తలుపు మూసింది.

"సంతలో గొడ్డుని చూసినట్టు చూస్తున్నావే నన్ను. ఏంటి సంగతి?"

"ఏం లేదు వదినా."

"నీకు అబద్ధమాడ్డం చిన్నప్పుడూ రాలేదు. నా రక్తంలో ఏదో చూశావ్."

పిట్టకు ఏడుపొచ్చింది. అంతా చెప్పేసింది, ఇది రుజువు కాని సంగతని కూడా చెప్పింది. వదిన వింటూ స్టీరింగు మీద చెయ్యి వేసింది.

"నా ఒంట్లో సంగతి నీకు తెలిసి, నాకు తెలీకపోవడమా" అంది చివరికి. గొంతులో కోపం ఉంది. "ఇన్నాళ్ళు నా కంచం వైపు చూస్తూ కూర్చున్నావు గానీ, ఒక్క మాట అనలేకపోయావా?"

"భయమేసింది వదినా."

"నాకు వెయ్యదనుకున్నావా? ప్రతి స్కాన్‌కి ముందు బాత్రూంలో కుళాయి తిప్పి ఏడుస్తాను. మీ అన్నయ్యకి వినపడకూడదని."

తర్వాత వదిన చీరకొంగుతో పిట్ట మొహం తుడిచి, "పద, డాక్టరు దగ్గరికి పోదాం" అంది.

డాక్టరు మొదట విసుక్కున్నాడు. రక్తపరీక్షలు మామూలుగానే ఉన్నాయన్నాడు. అయినా వదిన కుర్చీలోంచి లేవలేదు. చివరికి కాలేయానికి విడిగా ఎమ్మారై రాశాడు. అందులో శనగగింజంత మచ్చ కనబడింది. సూది గుచ్చి చూస్తే అదే జబ్బు. ఒక్కటే ఉంది, అంచున ఉంది. కోసేయవచ్చన్నారు, కోసేశారు.

పిట్ట తాను నోరు విప్పిన సంగతి పెద్దాయనకు దాచకుండా చెప్పింది. ఆయన ఆమెను ఆ ప్రయోగం నుంచి పూర్తిగా తీసేసి వేరే విభాగానికి పంపాడు. "మీ వదిన బతికినందుకు సంతోషం. కానీ ఒక్క మనిషితో ఏదీ రుజువు కాదు. గుర్తు నిజం చెప్పిందో, అదృష్టం కలిసొచ్చిందో నాకూ తెలియదు" అన్నాడు. పిట్టకూ తెలియదు.

కోసిన మేర కాలేయం మళ్ళీ పెరిగింది. వదిన మాత్రం కొంచెం తగ్గింది, మాటల్లో. అన్నయ్య ఇప్పుడు టీవీ కట్టేసి ఆమె పక్కన కూర్చుంటున్నాడు.

శస్త్రచికిత్స తర్వాతి స్కాన్ రోజు ముగ్గురూ వెళ్ళారు. గది బయట బెంచీ చల్లగా ఉంది. లోపలి నుంచి పిలుపు వచ్చింది. వదిన లేచి, చెవి కమ్మలు ఒక్కొక్కటే తీసి పిట్ట అరచేతిలో పెట్టింది.

"ఈసారి ఏం కనపడినా ముందు నాకే చెప్పాలి" అంది.

"నీకే చెప్తాను వదినా."

తలుపు మూసుకుంది. గోడ అవతల యంత్రం దడదడమని మొదలైంది. పిట్ట గుప్పిట బిగించింది. కమ్మలు ఇంకా వెచ్చగా ఉన్నాయి.