వాటీ గూటం

ఆ ఉదయం ఆకాశం మాసిన దుప్పటిలా సాల్వే ఉప్పుటేరు మీదకి వంగి ఉంది. ఆవలి ఒడ్డున ఇంగ్లండు కొండలు కనబడలేదు. పడమట ఒక్కచోట మబ్బు చిరిగింది. అందులోంచి జారిన వెలుగు ఇసుకమేటల మీద మెల్లగా ఇటు నడిచి వస్తోంది. దాని వెనకే పోటు వస్తుంది.

నినియన్ అటు చూసి ఉమ్మేశాడు. మూడేళ్ళుగా అతనికి కోపం నిద్రతోపాటే లేస్తోంది.

మూడేళ్ళ కిందట అతని అన్న వాటీ ఊరి తరఫున వెళ్ళి సర్కారు ఒప్పందం మీద సంతకం పెట్టి వచ్చాడు. వలలో పడిన ప్రతి సాల్మన్ చేపనీ బతికుండగానే వదిలెయ్యాలి. ఒక్కటి చచ్చినా ఊరందరి లైసెన్సూ రద్దు. ఆ రోజు నుంచీ నినియన్ అన్నతో మాట్లాడితే తిట్టడానికే మాట్లాడాడు.

ఊళ్ళో లైసెన్సున్న ఆరుగురూ ఏటి మొగ దగ్గర చేరారు. చేపని కొట్టే చేతిగూటాలు అందరి నడుముకీ వేలాడుతున్నాయి. చేపని కొట్టకూడదు గాని, ఎవరు ఎక్కడ నిలబడాలో తేల్చేది మాత్రం ఇప్పటికీ ఆ గూటాలే. వాళ్ళలో ఎబీ అన్నీ పోగుచేసి, వెనక్కి తిరిగి, భుజం మీదుగా ఒక్కొక్కటే విసిరాడు. పడిన వరసే నీళ్ళలో వరస. వాటీది మొదట పడింది. లోతు చోటు అతనిది. పక్కచోటు నినియన్‌ది.

"అన్నదమ్ములు కలిశారర్రా!" అన్నాడు ఎబీ. "నీళ్ళు కాగిపోతాయి ఇవాళ."

"నా పక్కన పెద్దమనిషి నిలబడ్డాడు, చలేమిటి నాకు," అన్నాడు నినియన్. "సంతకాల దొర."

వాటీ తన గూటం నడుముకి తగిలించుకుని నీళ్ళలోకి దిగాడు.

ఒడ్డు మీది గడ్డిగట్టున కాపలా ఆఫీసరు జీపు ఆగి ఉంది. అద్దంలోంచి దుర్భిణి బయటికి చూస్తోంది.

మనిషికి మూడింతల పొడవున్న దూలం, దానికి మూడు కాళ్ళు, వెనక సంచిలా వేలాడే వల. ఒక్కొక్కరూ ఒక్కో చట్రాన్ని అడుగున ఆనించి, పోటుకి ఎదురుగా, రొమ్ములోతు నీళ్ళలో నిలబడ్డారు. వల అంచు వేళ్ళకి చుట్టుకున్నారు. చేప తగిలితే ముందు వేళ్ళకే తెలుస్తుంది.

"పైన డెయిరీల పెంటంతా ఏట్లోకే," అన్నాడు నినియన్, అన్న వినేలా. "సముద్రంలో పంజరాల్లో పెంచే చేపలు పేలు పట్టి కుళ్ళుతున్నాయి. వాళ్ళనెవడూ అడగడు. చేపలు తగ్గిపోయింది ఈ ఆరుగురి వల్లట! నువ్వు కూడా ఔనని తలూపి వచ్చావు."

"ఊపకపోతే అసలు దిగనిచ్చేవాళ్ళు కార్రా."

"దిగి ఏం చేస్తున్నాం? స్నానమా?"

వాటీ జవాబివ్వబోయాడు. అంతలో అతని వల గుంజింది.

చట్రం కాళ్ళు పైకి లేచాయి. సంచిలో వెండిలా మెరుస్తూ చేప పొర్లింది. మంచి చేప, వీపు నల్లగా, కడుపు తెల్లగా, సముద్రం నుంచి అప్పుడే వచ్చింది. వాటీ ఎడమచెయ్యి వల మీదుగా దాని తల పట్టింది. కుడిచెయ్యి నడుముకి వెళ్ళింది. ఒకటే దెబ్బ.

చేప ఒక్కసారి వణికి ఊరుకుంది.

వాటీ తన చేతిలోని గూటాన్ని అదెవరిదో అన్నట్టు చూశాడు. పన్నెండో ఏట పట్టిన గూటం అది.

నినియన్ నోట్లోకి చాలా మాటలు వచ్చాయి. మూడేళ్ళుగా నూరి పెట్టుకున్నవి. సంతకం పెట్టిన చేతులే కొట్టాయి! అందరికీ వినబడేలా అరవొచ్చు.

"ఆఫీసరుతో చెప్పేస్తా," అన్నాడు వాటీ. అతని గొంతు పిల్లాడి గొంతులా ఉంది. "తప్పు నాది. నా ఒక్కడి పేరు కొట్టెయ్యమంటా."

"నీ ఒక్కడి పేరట! ఆరు పేర్లూ పోతాయని రాసుకొచ్చింది నువ్వు కాదూ? నోరు మూసుకుని వల పట్టుకో."

నినియన్ తన చట్రాన్ని ఎబీ వైపు తోశాడు. ఎబీ అడగకుండా పట్టుకున్నాడు. నినియన్ అన్నకీ ఒడ్డుకీ మధ్యకి వచ్చి జీపుకి వీపు పెట్టి నిలబడ్డాడు. చేపని సంచిలోంచి లాగి, చంకల దాకా వచ్చే తన రబ్బరు బూట్ల లోపలికి, తలకిందులుగా తోసుకున్నాడు. చల్లటి తోక గడ్డం కింద తగిలింది. పైన కోటు బిగించాడు.

"చెయ్యెత్తు," అన్నాడు. "చేపని వదిలేశామని వాడికి సైగ చేసినట్టు ఎత్తు. ఎత్తరా అన్నయ్యా, చేతులు పడిపోయాయా!"

వాటీ చెయ్యెత్తి ఆడించాడు. దుర్భిణి కాసేపు వాళ్ళ మీదే ఆగి, తర్వాత పక్కకి తిరిగింది.

పోటు నిండేదాకా అలాగే నిలబడ్డారు. అన్న ఏడుస్తున్నాడని నినియన్‌కి తెలుసు. అది చూసి అతనికి ఇంకా మండింది. దొంగతనం చెయ్యని మనిషిని, ఆకలికి కూడా అబద్ధమాడని మనిషిని, సొంత ఏట్లో దొంగని చేశారు. మూడేళ్ళ కోపం పోలేదు. అన్న మీద నుంచి లేచి వెళ్ళి ఆ గడ్డిగట్టు మీద కూర్చుంది.

ఒడ్డెక్కేటప్పుడు నినియన్ నడుము వంగలేదు. కుర్ర ఆఫీసరు జీపు దిగాడు.

"ఏమైందండీ ఆయనకి?"

"మలబద్ధకం సార్," అన్నాడు ఎబీ. "మూడేళ్ళ నుంచీ."

"ఒకటి వదిలారు కదా, చూశాను. థాంక్సండీ."

"మీ దయ," అన్నాడు నినియన్. పళ్ళ మధ్య నుంచి.

వాటీ ఇంట్లో అతని భార్య ఎల్స్‌పెత్ చేపని చూసింది, భర్త ముఖం చూసింది. ఏమీ అడగకుండా వెళ్ళి తెరలు లాగింది. పొడుగు గిన్నె పొయ్యి మీద పెట్టి, నీళ్ళలో ఉప్పొక్కటే వేసింది.

ఆరుగురూ బల్ల చుట్టూ కూర్చున్నారు. తినను అంటే లేచి పోవచ్చు. ఎవరూ లేవలేదు. తిన్నవాడు బయట చెప్పలేడు.

నినియన్ చేప నడిముక్క తీసి అన్న పళ్ళెంలో పడేశాడు, విసిరినట్టే. వాటీ దానివైపు చాలాసేపు చూశాడు. తర్వాత ముల్లు తీసేసి ముక్క నోట్లో పెట్టుకున్నాడు. అప్పుడు మిగతావాళ్ళు చేతులు చాపారు. మూడేళ్ళ తర్వాత ఆ రుచి. ఉడికిన బంగాళాదుంపల గిన్నె చేతులు మారింది, వెన్న మారింది. ముళ్ళు పళ్ళేల అంచున చేరుతున్నాయి. ఎవరూ తలెత్తలేదు.