లాయరమ్మ నీడ

టికెట్ల పిన్ని పొద్దున ఎనిమిదింటికి షట్టర్ ఎత్తిందంటే, ఆ చప్పుడుకి నాలుగు వీధుల అవతల ఆగిపోయిన గోడగడియారాలు కూడా సిగ్గుపడి నడిచేవి. షట్టర్ వెనక ఉన్నది అగ్గిపెట్టెంత ఆఫీసు. ఒక బల్ల, ఒక కంప్యూటరు, రెండు కుర్చీలు, ఒక చెక్క బెంచీ పెట్టాక గాలి కూడా పక్కకి తిరిగి రావాల్సిందే. విమానం టికెట్లు బుక్ చేయడం పిన్ని పని. అయినా జనం ఆమె దగ్గరికి వచ్చేది టికెట్ల కోసం కాదు, అవి ఎక్కడైనా దొరుకుతాయి. నీడలు చూపించుకోవడానికి వచ్చేవాళ్లు.

కొత్త చోటికి బయల్దేరేవాళ్ల నీడ ముందురోజే వెళ్లి, అక్కడ వాళ్లకి జరగబోయేదంతా తాను పడి చూసొస్తుంది కదా. సముద్రం అవతలికైతే విమానంలో సీట్ల కింద పడుకుని వెళ్తుంది, అలాగే పడుకుని తిరిగొస్తుంది. రాగానే పిన్ని ఆఫీసు గడప కిందినుంచి దూరి నేలమీద వాలుతుంది. పిన్ని దాన్ని అటూ ఇటూ తిప్పి, దులిపి, వాసన చూసి, పెట్టెలో ఏం సర్దుకోవాలో చెబుతుంది. అంతవరకూ నీడ లేని మనిషికి కాస్త చలిగా ఉంటుంది, ఒక శాలువా కప్పుకుంటే సరిపోతుంది.

ఆ రోజు మొదటి బేరం రిటైరైన హెడ్మాస్టరుగారూ, ఆయన భార్యా. ఆగ్నేయాన సముద్రం అవతలున్న దేశానికి మొదటిసారి వెళ్తున్నారు.

"మాస్టారూ, మీ నీడ మోకాళ్లదాకా తడిసిపోయింది. అక్కడ వాన మధ్యాహ్నం మూడింటికి డ్యూటీకి వచ్చినట్టు వస్తుంది. గొడుగు నిలవదు, రెయిన్‌కోటు పెట్టుకోండి. ఆ లేసుల బూట్లు మానేయండి. ఇళ్లలోకీ గుళ్లలోకీ వెళ్తే గడప బయటే విప్పాలి. విప్పీ కట్టీ మీ నీడకి నడుం పట్టేసింది చూడండి."

"మరి నాదో?" అంది ఆయన భార్య.

"మీ నీడకి పిక్క కాలింది. అద్దె మోటారుసైకిలు ఎక్కారు మీరు. దిగేటప్పుడు సైలెన్సర్ వైపు దిగకండి."

ఆవిడ భర్తని ఎగాదిగా చూసింది. "నలభై ఏళ్లలో సైకిలు కూడా ఎక్కించని మనిషి. అక్కడికెళ్లాక ఇన్ని సరదాలా?"

"రోడ్డు దాటేటప్పుడు ఒకటే నడక. బళ్లే మిమ్మల్ని తప్పించుకుపోతాయి. హోటలు అడ్రసు వాళ్ల లిపిలో రాయించుకుని జేబులో ఉంచుకోండి. పాస్‌పోర్టు కాపీలు రెండు తీయించి ఒకటి ఇంట్లో ఇచ్చి వెళ్లండి. అసలుది మాత్రం ఎవరి చేతికీ ఇవ్వకండి. బండి అద్దెకిచ్చేవాడు బతిమాలినా సరే."

నోరు మాస్టారితో మాట్లాడుతోంది గానీ పిన్ని కళ్లు గడపని వదల్లేదు.

బెంచీ మీద శాలువా కప్పుకుని కూర్చున్నది ఆమె అక్క కూతురు. ఊరంతా దాన్ని లాయరమ్మ అంటుంది. నేర్చుకున్నది టైపే గానీ, పుట్టగానే ఏడవమంటే ఎందుకేడవాలని అడిగిందట. ఒకసారి మీటరు చూడ్డానికి వచ్చిన కరెంటాయన దానితో పావుగంట మాట్లాడి, మీటరుకి దణ్ణంపెట్టి వెళ్లిపోయాడు. ఆరేళ్లు జెరాక్సు షాపులో నిలబడి నిలబడి విసిగిపోయింది. ఇప్పుడు మాస్టారివాళ్లు వెళ్లే దేశంలోనే ఏసీ గదిలో కూర్చుని చేసే టైపు ఉద్యోగం దొరికింది. ఉండడానికి గది, మూడు పూటలా భోజనం. సాయంత్రం నాలుగింటికి ఏజెంటు కారు వస్తుంది.

దాని నీడ మాస్టారివాళ్ల నీడలతోపాటే, అదే విమానంలో వెళ్లింది. వాళ్లవి వచ్చాయి. దీనిది రాలేదు.

"బద్ధకం పిన్నీ. నా నీడే కదా, ఎక్కడో నిద్రపోయుంటుంది" అంది లాయరమ్మ.

"నీ నీడ నిద్రపోయిందంటే నేను నమ్మను. పక్కనున్నవాళ్లని నిద్రపోనివ్వదు. ఏదీ, కాయితాలు ఇటివ్వు."

పిన్ని కళ్లజోడు పెట్టుకుంది. మొదటి కాయితానికే ఆమె చేతిలో టీ చల్లారిపోయింది.

"ఇది చూడ్డానికి వెళ్లేవాళ్ల వీసా కదే. దీనిమీద ఉద్యోగం చేయనివ్వరు."

"అక్కడికెళ్లాక మారుస్తారట."

"తిరుగు టికెట్టేది?"

"కంపెనీవాళ్లు ఇస్తారట."

"పాస్‌పోర్టు?"

"స్టాంపుకని ఏజెంటుగారి దగ్గరే ఉంది. నువ్వు అనుమానం తాగి పుట్టావు పిన్నీ. ఎప్పుడూ ఈ బెంచీ దాటి వెళ్లలేదు, ప్రపంచానికంతా దారి చెబుతావు."

"దారి చెప్పేవాళ్లందరూ నడిచి చెప్పరే. నువ్వు కరెంటాయన్ని అడిగిన ప్రశ్నల్లో పదోవంతు ఇతన్ని అడిగావా?"

లాయరమ్మ మాట్లాడలేదు. అది మాట్లాడకపోవడం చూసి పిన్నికి నీడ రాకపోవడం కంటే ఎక్కువ భయం వేసింది. ఆరేళ్ల జెరాక్సు పొగ దాని నోరు కూడా నొక్కేసిందన్నమాట.

"అసలు ఆయన నీడని పంపద్దన్నాడు" అంది శాలువా దగ్గరికి లాక్కుని. "అదంతా పాతకాలం అలవాటు తల్లీ అన్నాడు. వద్దన్నాడనే పంపాను."

పదకొండయింది. పన్నెండయింది. ఆ దేశం నుంచి రోజూ వచ్చే రెండో విమానం కూడా దిగిపోయింది. ఎవరెవరివో నీడలు గడప కింద దూరి, తమ వాళ్లని వెతుక్కుని వెళ్లిపోయాయి. ఒక కొత్త పెళ్లికూతురి నీడకి ఒళ్లంతా ఇసుకే. ఒక డాక్టరుగారి నీడ సముద్రపు నీళ్లు తాగి కక్కింది. పిన్ని అందరికీ సలహాలు చెప్పింది గానీ ఎవరికి ఏం చెప్పిందో ఆమెకే తెలియదు. డాక్టరుగారికి కాళ్లకి వెండిపట్టీలు పెట్టుకోవద్దని చెప్పి పంపింది. మధ్యలో మూడుసార్లు ఏజెంటు ఫోను. "తల్లీ, రెడీనా? ఆలస్యమైతే సీటు పోతుంది తల్లీ." అతని గొంతులో ఎంత తేనె ఉందంటే ఫోనుకి చీమలు పట్టాయి.

మూడున్నరకి గడప కింద ఏదో కదిలింది.

నీడ వచ్చింది. నిన్న వెళ్లినప్పుడు తారులా నల్లగా, గట్టిగా ఉన్న నీడ. ఇప్పుడు పదిసార్లు జెరాక్సు తీసిన కాయితంలా వెలిసిపోయి ఉంది. నేలమీద వాలింది గానీ పడుకోలేదు. తల వంచుకుని కూర్చుంది. దాని రెండు చేతుల వేళ్లూ నేలమీద టకటకా ఆడుతూనే ఉన్నాయి.

పిన్ని దులపడానికి చెయ్యెత్తింది. నీడ మోచెయ్యి అడ్డం పెట్టుకుని ముడుచుకుపోయింది. ముడుచుకున్నా ఒక చెయ్యి వేళ్లు మాత్రం టైపు చేస్తూనే ఉన్నాయి.

పిన్ని చెయ్యి దించేసింది. వేలమంది నీడల్ని దులిపిన ఆ చేతిని కొంగు కింద దాచుకుంది.

లాయరమ్మ బెంచీ దిగి దాని ఎదురుగా కూర్చుంది. "ఏయ్. ఇటు చూడు. వచ్చి అతుక్కో. మనం వెళ్లాలి." నీడ చూడలేదు. "లే" అంది. లేవలేదు. బతిమాలింది, తిట్టింది. చివరికి దాని వేళ్లమీద తన అరచేతులు పెట్టి అదిమింది. కింద వేళ్లు ఆడుతూనే ఉన్నాయి, పట్టుకున్న పిట్ట గుండెలా.

"కొన్ని నీడలు పిరికివి పిన్నీ" అంది. గొంతులో వాదం లేదు, ఆశ ఉంది.

"ఉంటాయి" అంది పిన్ని. "నేను వెళ్లద్దని చెప్పనే అమ్మడూ. చెబితే నువ్వు వెళ్తావు. ఇన్నేళ్లలో నేను ఎవరికీ వద్దని చెప్పలేదు, ఏం సర్దుకోవాలో చెప్పానంతే. దీన్ని చూసి నీ పెట్టెలో ఏం సర్దాలో నాకు తెలియడంలేదు."

నాలుగింటికి కారు వచ్చి ఆగింది. లోపల నలుగురు కూర్చుని ఉన్నారు, అందరూ మొదటిసారి విమానం ఎక్కేవాళ్లే, ముఖాల్లో పండగ. ఏజెంటు దిగి గడపలో నిలబడ్డాడు. తెల్లచొక్కా, భుజానికి నల్లసంచీ.

"బాగున్నారా అక్కా. పద తల్లీ, టైమైంది" అన్నాడు. గొంతు పెంచను కూడా లేదు.

నీడ లేచి నిలబడింది.

పిన్ని చెయ్యెత్తితే ముడుచుకున్నది, లాయరమ్మ అరగంటసేపు బతిమాలితే కదలనిది, అతని ఒక్క మాటకి చటుక్కున లేచి నిలబడింది. కాళ్లు దగ్గరగా పెట్టుకుని, చేతులు కట్టుకుని, తల దించుకుని, తన ముందూ వెనకా ఇంకెవరో ఉన్నట్టు వరసలో.

లాయరమ్మ చాలాసేపు చూసింది. తన ఒంట్లో ఏ ఎముకా ఎప్పుడూ అలా నిలబడలేదు, బళ్లో పెద్ద మాస్టారు బెత్తం తీసినప్పుడు కూడా.

"నీడలు నిలబడడం ఎక్కడ నేర్చుకున్నాయండీ?" అని అడిగింది ఏజెంటుని.

"నీడలదేముంది తల్లీ."

"నా నీడకి మీ గొంతెలా తెలుసు?"

అతను నవ్వాడు. పిన్ని కాయితాలన్నీ బల్లమీద పరిచింది. "వీసా దీనికి చూపించావు, తిరుగు టికెట్టు చూపించు బాబూ. కంపెనీ వీధి పేరు చెప్పు, ఇప్పుడే చూస్తాను."

"అవన్నీ ఎయిర్‌పోర్టులో అక్కా."

"నా పాస్‌పోర్టు ఇవ్వండి" అంది లాయరమ్మ.

"అదీ అక్కడే తల్లీ."

"ఇక్కడే. ఎందుకివ్వరు? ఎవరి పేరుంది దానిమీద? మీ పేరుందా? మీ ఫోటో ఉందా?" ఆరేళ్లుగా లోపల పేరుకుపోయిన ప్రశ్నలన్నీ ఒక్కసారే బయటికొచ్చాయి. వీధిలో నడిచేవాళ్లు ఆగారు. బస్సు ఆగింది. పైన ఎగిరే విమానం కూడా కాస్త నెమ్మదించిందంటారు. కారులోవాళ్లు ఒక్కొక్కరే దిగి గడప దగ్గరికి వచ్చారు. నేలమీద తలదించుకుని నిలబడ్డ నీడనీ, నిలబడే టైపు చేస్తున్న దాని వేళ్లనీ చూశారు. తర్వాత తమ కాళ్ల దగ్గర ఎక్కడికీ వెళ్లిరాని తమ నీడల్ని చూసుకున్నారు.

"మావీ ఇచ్చేయండి" అన్నారు ముగ్గురు.

జనం చిక్కబడేసరికి అతను సంచీలోంచి నాలుగు పాస్‌పోర్టులు బల్లమీద పడేసి కారెక్కాడు. ఐదోది ఉంచుకున్నాడు. నాలుగో అతను దిగినవాడే మళ్లీ ఎక్కాడు. "నా నీడ గట్టిది" అన్నాడు. పిన్ని కారు వెంట పరిగెత్తి, కిటికీలోంచి తన ఫోను నంబరున్న చీటీ అతని చేతిలో కుక్కింది. కారు కదిలాక అతను ముందుకే చూశాడు గానీ అతని నీడ మాత్రం వెనక అద్దంలోంచి మెడ సాచి మలుపు తిరిగేదాకా ఆఫీసునే చూస్తూ ఉంది. పిన్ని లోపలికొచ్చి కారు నంబరు, పాస్‌పోర్టు సంగతి చెప్పడానికి పోలీసులకి ఫోను చేసింది.

లాయరమ్మ నీడకి నయం కావడానికి ఎన్నాళ్లు పట్టిందంటే, ఆ మధ్యలో పిన్ని జుట్టు రెండుసార్లు తెల్లబడింది. వేళ్లు వారానికి ఆగాయి. కానీ వీధిలో ఎవరు ఎవర్ని "పద" అన్నా, ఊడ్చేటప్పుడు పిన్ని లేవమన్నా అది లేచి వరసలో నిలబడేది. లాయరమ్మ దాన్ని వెంటేసుకునే పిన్ని ఆఫీసులో రెండో కుర్చీలో కూర్చుని, వచ్చినవాళ్ల కాయితాలు చదివి ప్రశ్నలడిగే పని మొదలుపెట్టింది.

ఒక మధ్యాహ్నం సూర్యుడు గడప దాటి లోపలికొచ్చాడు. నీడ బెంచీ కింద చల్లగా పడుకునుంది. పిన్ని చీపురు పట్టుకుని ఎప్పట్లాగే అంది, "లేవే, ఊడ్చుకోవాలి."

నీడ లేవలేదు. అటు తిరిగి పడుకుని, చేత్తో చెవి మూసుకుంది.

పిన్ని చీపురు గోడకి ఆనించి, చప్పుడు చేయకుండా బయటికి వెళ్లి కూర్చుంది.