సీసాలు మార్చినవాళ్ళు

అడుగంటకుండా కలుపుతూనే ఉండాలి. గరిటె ఆగితే మొక్కజొన్న పిండి ఉండ కడుతుంది. ఉండ లోపల పచ్చిగా మిగిలిపోయి రెండో రోజుకే బూజు పడుతుంది. అందుకని బుజ్జి అటూ ఇటూ చూడకుండా, రెండు చేతులతో పొడవాటి చెక్క గరిటె పట్టుకుని పెద్ద గిన్నెలో గుండ్రంగా తిప్పుతోంది. నీళ్ళలో గడ్డకట్టించే అగర్ పొడి కరిగాక పిండి, పిండి ఉడికాక చక్కెర, ఆ తరవాత ఈస్టు. ఆవిరి మొహానికి కొడుతోంది. ఈ పులిసిన వాసన జుట్టుకు పడితే తలంటుకున్నా వదలదు. బస్సులో పక్కన కూర్చున్నవాళ్ళు ముక్కు ఎగబీల్చి కిటికీ వైపు జరగడం ఆమెకు అలవాటైపోయింది.

వంట ఈగలకి. పండ్ల మీద ముసిరే ఆవగింజంత ఈగలకి. ఈ ల్యాబులో వాటి నిద్ర మీద పరిశోధన. ఏ ఈగ ఎంతసేపు పడుకుంది, పడుకోనివ్వకపోతే ఏమవుతుంది, ఇదే అందరి పనీ. ఇంత దూరం వచ్చి పరిశోధన విద్యార్థిగా చేరినప్పుడు అన్నయ్య ఫోనులో పగలబడి నవ్వాడు. "ఈగలు తోలుకోవడానికి అంత దూరం వెళ్ళాలటే? మన దుకాణంలో కూర్చున్నా అదేగా పని!" అమ్మ మాత్రం ఇప్పటికీ రోజూ అడుగుతుంది, వంట చేసుకున్నావా అని. "చేశానమ్మా" అంటుంది బుజ్జి. ఎవరికి చేసిందో చెప్పదు.

గరిటె అడ్డంగా గీసి చూసింది. గీత వెంటనే పూడితే పలచన, అసలు పూడకపోతే గట్టి. ఊపిరి పీల్చి వదిలేలోగా పూడాలి. అలా చూడడం నేర్పింది పెద్దక్క.

పెద్దక్క ఈ ల్యాబులో అందరికన్నా ముందు చేరిన మనిషి. ఆమె తరవాత చేరినవాళ్ళు పట్టాలు పుచ్చుకుని వెళ్ళిపోయారు. ఆమె ఇంకా ఉంది. పొడుగ్గా, సన్నగా, మైక్రోస్కోపు మీద వంగి వంగి భుజాలు ముందుకు వచ్చేసి ఉంటుంది. జుట్టు ముడి వేసి పెన్సిలు గుచ్చుకుంటుంది. ఆ పెన్సిలు కోసమే బల్లంతా వెతుకుతుంది. ఈగలు తెల్లారగట్ల చురుగ్గా ఉంటాయి కనక ఆమెకూ పని అప్పుడే. ఒక్కోసారి రెండు మూడు రోజుల పాటు ఎవరికంటా పడదు. మార్చిన సీసాలను బట్టి వచ్చి వెళ్ళిందని తెలుసుకోవాలి.

సీసాలు మార్చడం, అంటే రోజు విడిచి రోజు ఈగల్ని కొత్త తిండి ఉన్న సీసాల్లోకి దింపడం, ఇక్కడ దీపం పెట్టడం లాంటిది. ఒక్కరోజు అశ్రద్ధ చేసినా తిండి జావగారిపోతుంది, ఈగలు అందులో అతుక్కుని చస్తాయి, ఏళ్ళ తరబడి పెంచుకొచ్చిన వంశం అంతరిస్తుంది. ఈగలకి ఆదివారం లేదు. అందుకని ఎవరైనా రాకపోతే, ఉన్నవాళ్ళు వాళ్ళ సీసాలు కూడా మార్చేస్తారు. మార్చినట్టు చెప్పరు. ఆ పద్ధతి పెట్టింది కూడా పెద్దక్కే. బుజ్జి చేరిన కొత్తలో జ్వరమొచ్చి పడుకుని లేచి, పరిగెత్తుకొచ్చి చూస్తే తన ఈగలన్నీ కొత్త సీసాల్లో ఉన్నాయి. ఎవరు మార్చారని అడుగుతుంటే పెద్దక్క తలెత్తకుండానే అంది.

"ఎవరో ఒకళ్ళు. చెప్తే ఉపకారం అవుతుందే. చెప్పకపోతే పని."

పొయ్యి ఆపి, గిన్నె చల్లారడానికి పెట్టి, బుజ్జి చేతులు తుడుచుకుంటూ ఈగల గదిలోకి వెళ్ళింది. అలమరలో పెద్దక్కవి రెండు ట్రేలు. ఎడమ ట్రేలో ఎర్ర కళ్ళవి, కుడి ట్రేలో తెల్ల కళ్ళవి. ఎడమ ట్రే సీసాల్లో తిండి కొత్తగా, పసుప్పచ్చగా మెరుస్తోంది. కుడివి మారలేదు.

"మళ్ళీ సగమే" అనుకుంది బుజ్జి.

ఆదివారం కూడా ఇంతే. వచ్చింది, సగం మార్చింది, తను వచ్చే వేళయ్యేసరికి వెళ్ళిపోయింది. మొహం చూడ్డం ఇష్టం లేనట్టు. అయినా బుజ్జి కుడి ట్రే దించింది. సీసాను మెత్త మీద తట్టి, ఈగలన్నీ అడుక్కి జారగానే దూది మూత లాగి, కొత్త సీసా మీద బోర్లించి మళ్ళీ తట్టింది. ఒక్కటి కూడా తప్పించుకోలేదు. ఒకప్పుడు తను సీసా తెరిస్తే గదంతా ఈగలే. పెద్దక్క చప్పట్లు కొట్టి, "విడుదల చేశావా తల్లీ, పుణ్యం వస్తుందిలే" అనేది.

బయటికి వచ్చి కిటికీ పక్కనున్న పెద్దక్క బల్ల చూసింది. నీలం కప్పు బోర్లించి ఉంది. అంచు కింద తడి ఇంకా ఉంది. టీ తాగి, కప్పు కడుక్కుని మరీ వెళ్ళిందన్నమాట. అంత తీరిక ఉంది గానీ ఒక్క మాట రాసిపెట్టడానికి లేదు.

గొడవ శుక్రవారం సాయంత్రం జరిగింది. గొడవని కూడా అనలేం. రేపు బుధవారం బుజ్జి కమిటీ ముందు కూర్చోవాలి. ఇన్నాళ్ళు చేసిన పని చూసి, ఉంచాలో ఇంటికి పంపాలో వాళ్ళు తేలుస్తారు. ఈగల నిద్ర లెక్కలతో ఆమె గీసిన పటాలను పెద్దక్క ఒక్కొక్కటే పరీక్షగా చూసింది. తరవాత, "నీ ఈగలూ పడుకోవట్లేదు, నువ్వూ పడుకోవట్లేదు. ఇది అయ్యాక ఇంటికెళ్ళి నాలుగు రోజులు ఉండి రావే" అంది. బుజ్జికి అది మరోలా వినబడింది, నీ వల్ల కాదు, వెళ్ళిపో అన్నట్టు.

"వెళ్తాలే అక్కా. నీలా ఇక్కడే పాతుకుపోవాలని నాకేం లేదు."

అన్నాక నాలుక కరుచుకుంది. పెద్దక్క ఒక్క క్షణం ఆమెను చూసి, నవ్వి, సంచీ భుజాన వేసుకుంది. "మంగళవారం మధ్యాహ్నం కూర్చుందాం. మూడో పటం తిరగేసి గీసి ఉంచు" అని వెళ్ళిపోయింది. మంగళవారం ఇవాళే. మూడో పటం తిరగేసి గీసింది. చూసేవాళ్ళు రావాలి.

సీసాల్లో తిండి పోస్తుండగా గోడ మీది ఫోను మోగింది. కళ్ళజోడు తన మైక్రోస్కోపు ముందునుంచి కదల్లేదు. కళ్ళజోడు అంటే బుజ్జికంటే ఏడాది ముందు చేరిన కుర్రాడు. ఫోను మోగితే చెవుడు వస్తుంది అతనికి. బుజ్జే ఎత్తింది.

"అమ్మా, మా అమ్మాయి ఉందా అక్కడ? నేను వాళ్ళమ్మని." పెద్దక్క తల్లి గొంతు. ఎప్పుడైనా ఒకసారి ల్యాబుకి చేస్తూంటుంది. "దాని ఫోను మోగుతోంది గానీ ఎత్తట్లేదమ్మా."

"ఉందండీ" అంది బుజ్జి. "పొద్దున్నే వచ్చింది. సీసాలు మార్చి, టీ తాగి, ఇప్పుడే అలా వెళ్ళింది."

"హమ్మయ్య." అవతల పెద్ద నిట్టూర్పు. "పనిలో పడితే దానికి లోకం తెలీదు. ఈగలకి వేళకి వండిపెడుతుందట, తను మాత్రం తినదట! ఎక్కడైనా ఉందా చెప్పు? ఏమైనా తిందేమో నువ్వు కాస్త అడుగు తల్లీ. నేనడిగానని చెప్పకు, కసురుతుంది."

"అడుగుతానండీ. మీరేం బెంగపెట్టుకోకండి."

మధ్యాహ్నం ఈగలు కునుకు తీసే వేళ. ఈగల గది నిశ్శబ్దంగా ఉంది. బుజ్జి పటాలు వరసగా పరుచుకుని, ఎదురుగా ఇంకో కుర్చీ వేసి కూర్చుంది. కారిడారులో అడుగుల చప్పుడైనప్పుడల్లా తల ఎత్తింది. మెట్లు తుడిచే ఆయా బకెట్టు లాక్కుంటూ వెళ్ళింది. ఈ ల్యాబు నడిపే సార్ అటుగా వెళుతూ తలుపులోంచి తొంగిచూశారు.

"రేపటికి సిద్ధమేనా?"

"పెద్దక్క ఒకసారి చూస్తానందండీ."

"ఆవిడ చూస్తే ఇక నేను చూడక్కర్లేదు" అని వెళ్ళిపోయారు.

ఎండ బల్ల మీదినుంచి నేల మీదికి దిగింది. ఎదుటి కుర్చీ ఖాళీగానే ఉంది. బుజ్జికి కోపం వచ్చింది. కోపం వెనకాలే ఏడుపూ వచ్చింది. తప్పు తనది. నాలుగు రోజులుగా తనే ఫోను చెయ్యొచ్చు, చెయ్యలేదు. బెట్టు. ముందు ఆమే పలకరిస్తుందిలే అని బెట్టు. ఫోను తీసుకుని కారిడారు చివరికి వెళ్ళి, గోడ వైపు తిరిగి నిలబడి చేసింది. చాలాసేపు మోగింది. పెట్టేద్దామనుకునేలోపల ఎవరో ఎత్తారు.

"అక్కా, నేనే. కోపం పోయిందా లేదా? ఆ మాట అనకుండా ఉండాల్సింది. తిట్టాలంటే తిట్టు గానీ వచ్చి మూడో పటం..."

"ఎవరమ్మా నువ్వు?"

పెద్దక్క గొంతు కాదు. ఎవరో పెద్దావిడ. వెనకాల మగవాళ్ళ మాటలు, బల్లో మంచమో జరిపిన చప్పుడు.

"నేను... ల్యాబులో. అక్క లేదా?"

"మేం తనకి గది అద్దెకిచ్చినవాళ్ళమమ్మా. పెళ్ళికెళ్ళి ఇవాళే వచ్చాం. పట్టపగలు పైగదిలో లైటు వెలుగుతోందేంటా అని తలుపు కొట్టాం. ఎంతకీ తియ్యకపోతే పగలగొట్టించాం. ఫోను ఛార్జింగులో పెట్టుకుని పడుకున్నది పడుకున్నట్టే ఉందమ్మా. డాక్టరుగారు వచ్చారు. గుండె ఆగిందంటున్నారు. శుక్రవారం రాత్రే అయి ఉంటుందట."

"కాదండీ" అంది బుజ్జి. "పొద్దున్న వచ్చింది కదా."

"ఏంటమ్మా?"

"ఇవాళ పొద్దున్న వచ్చింది. సీసాలు మార్చింది. మీరు ఇంకెవర్నో చూస్తున్నారు."

అవతల ఆవిడ, "వాళ్ళవాళ్ళ నంబరు ఉందామ్మా నీ దగ్గర?" అని మెల్లగా అడిగింది.

బుజ్జి ల్యాబులోకి ఎలా వచ్చిందో ఆమెకు తెలీదు. ఏం చెప్పిందో తెలీదు. కళ్ళజోడు లేచి నిలబడ్డాడు. ఆయా బకెట్టు అక్కడే వదిలేసి గుమ్మంలోకి వచ్చింది. సార్ గదిలోంచి వచ్చారు. విని, తల అడ్డంగా ఊపారు.

"శుక్రవారమేమిటి? అర్థం లేకుండా. నిన్న సాయంత్రం నేను చూశాను, ఎడమ ట్రే కొత్తగా మారి ఉంది. ఆవిడ కాకపోతే మరి ఎవరు మార్చారు?"

కళ్ళజోడు అద్దాలు తీసి చేత్తో పట్టుకున్నాడు. అవి లేకపోతే అతని మొహం చిన్నపిల్లవాడిలా ఉంది.

"నేను మార్చాను సార్. శనివారం, నిన్న. ఎడమ ట్రే ఒకటే మార్చాను, టైము లేక. రెండోది మార్చుదామని వచ్చి చూస్తే అప్పటికే మారిపోయి ఉంది. అక్క వచ్చిందనుకున్నాను."

"రెండోది నేను" అంది బుజ్జి.

ఆ మాట తనకే వినబడనంత మెల్లగా అంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. నాలుగు రోజులుగా అతని పని చూసి ఆమె, ఆమె పని చూసి అతను, చనిపోయిన మనిషిని రోజూ ల్యాబుకి రప్పించారు.

"మరి కప్పో?" అంది బుజ్జి, గట్టిగా, దబాయిస్తున్నట్టు. ఇంకా ఒక్కటి మిగిలి ఉంది. "కప్పు తడిగా ఉంది. పొద్దున్నే కడిగి ఉంది."

ఆయా తడిగుడ్డ నోటికి అడ్డం పెట్టుకుంది.

"రోజూ నేనే కడుగుతానమ్మా" అంది గుడ్డ వెనకనుంచి. "దుమ్ము పడుతుందని. ఎవరికీ చెప్పొద్దు, చెప్తే ఊరుకోను అనేది పెద్దక్క."

సార్ కుర్చీ వెతుక్కుని కూర్చున్నారు. బుజ్జి కూర్చున్న కుర్చీకి ఎదురుగా, పెద్దక్క కోసం వేసిన కుర్చీ అది. ఎవరి ఇంటికి వెళ్ళాలో, ఎవరికి చెప్పాలో ఏవేవో అన్నారు గానీ ఏదీ పూర్తి చెయ్యలేదు. ఏం చెయ్యాలో తోచక ఆయా బల్ల దగ్గరికి వెళ్ళి, నీలం కప్పు తీసుకుని, కుళాయి కింద పెట్టి కడగడం మొదలుపెట్టింది. లోపలా బయటా, పిడి సందులో, చాలాసేపు కడిగింది. ఎవరూ ఆపలేదు. తీసుకొచ్చి ఎప్పుడూ పెట్టే చోటే పెట్టింది.

అప్పుడు గోడ మీది ఫోను మోగింది.

ఎవరు చేస్తున్నారో నలుగురికీ తెలుసు. కళ్ళజోడు ఒక అడుగు వేసి ఆగాడు. సార్ లేవబోయారు. "నేను చెప్తానండీ" అంది బుజ్జి. ఉందని చెప్పింది తనే. లేదనీ తనే చెప్పాలి. నడిచి వెళ్ళి ఎత్తింది.

"మళ్ళీ నేనేనమ్మా, విసుక్కోకు" అంది అవతలి గొంతు. ఈసారి కాస్త నవ్వుతోంది. "అడిగావా? తిందా?"

బుజ్జి చూపు కిటికీ పక్క బల్ల మీద ఆగిపోయింది. అక్కడ నీలం కప్పు బోర్లించి ఉంది, అంచునుంచి జారిన నీళ్ళు చెక్క మీద గుండ్రంగా, నెమ్మదిగా చుట్టూ పాకుతున్నాయి.